బీచ్‌లో ముఖాలు నల్లగా, పెళ్ళి హాల్లో ఊదాగా వచ్చిన ఫొటోల్ని ఎడిటింగ్‌లో బాగు చేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే సముద్రం వైపు నిలబెట్టి అమ్మానాన్నల ఫొటోలు తీశారు, ముఖాలు నల్లగా వచ్చాయి. అదే వారంలో చెల్లెలి పెళ్ళి. ఫంక్షన్ హాల్లో స్టేజీ లైట్ల కింద తీసినవన్నీ ఊదారంగులో ఉన్నాయి, కొన్నిట్లో అడ్డంగా నల్లటి పట్టీలు కూడా వచ్చాయి. కొన్ని ఫోన్‌తో, కొన్ని కెమెరాతో తీసినవి. ఆల్బమ్ వేయించాలి, ఏ యాప్ వాడితే సరిపోతుంది అని.

యాప్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అది చిన్న విషయం. డాబాగార్డెన్స్‌లో ఒక స్టూడియోకి చాలాకాలం ఆల్బమ్ డిజైనింగ్, కలర్ కరెక్షన్ చేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే కూర్చుని అదే పని చేస్తున్నా. నా దగ్గరికి వచ్చే ఫొటోల్లో సగానికి పైగా మీరు చెప్పిన ఈ రెండు రకాలే. పైకి రెండూ ‘లైటింగ్ బాలేదు’ అన్నట్టే కనిపిస్తాయి గానీ, ఒకటి వెలుతురు ఎంతుంది అన్న సమస్య, రెండోది ఏ రంగు వెలుతురు అన్న సమస్య. మొదటిది చాలావరకు బాగుపడుతుంది. రెండోది ఒక్కోసారి అసలు బాగుపడదు.

ముందు బీచ్ ఫొటోలు. మన తీరం తూర్పు ముఖంగా ఉంది కాబట్టి పొద్దున సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. సముద్రం వెనక పడేలా మనుషుల్ని నిలబెడితే వెలుతురంతా వాళ్ళ వీపు మీద, నీడంతా ముఖం మీద. ఆకాశం, నీళ్ళ మీది తళుకు అంత ప్రకాశంగా ఉన్నప్పుడు కెమెరా దాన్ని చూసి ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అదే బీచ్‌రోడ్డులో కుర్సురా జలాంతర్గామి పక్కన నిలబెట్టి ఫ్రేమ్ నిండా ఆ నల్లటి పొట్ట వచ్చేలా తీస్తే కథ తిరగబడుతుంది. కెమెరా ఆ నలుపుని బూడిదరంగుకి తేవాలని చూసి అంతా తెల్లగా చేస్తుంది, వెనకాల ఆకాశం ఎగిరిపోతుంది.

మీకు నచ్చకపోయినా చెప్తున్నా, ముఖాలు నల్లగా రావడమే మీ అదృష్టం. కెమెరా లోపల వెలుతురు పట్టే సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ కొంత వెలుతురునే పట్టుకోగలదు. బిందె నిండి పొంగిపోయాక ఎన్ని నీళ్ళు కిందపోయాయో బిందెని చూసి చెప్పలేం కదా, అలాగే తెల్లగా ‘ఓవర్’ అయిపోయిన చోట లోపల ఏముందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. నీడలో మాత్రం సమాచారం కొద్దిగానైనా మిగిలే ఉంటుంది. అందుకే ఎడిటింగ్ మొదలుపెట్టేముందు నేను మొట్టమొదట చూసేది ముఖం కాదు, ఫొటోలో అన్నిటికంటే తెల్లగా ఉన్న చోటు. అలల నురగలో, మబ్బు అంచుల్లో ఇంకా గీతలు కనిపిస్తుంటే ఆ ఫొటో బతికినట్టే. ఒకే ఫ్రేమ్ రెండు మూడు తీసుంటే, ముఖం కాస్త నల్లగా ఉన్నా సరే, ఆకాశం మిగిలినదాన్నే తీసుకోండి.

ఫైల్ రకం ఇక్కడే తేడా చూపిస్తుంది. ఫోన్ ఇచ్చే జేపెగ్‌లో (మామూలు ఫొటో ఫైల్) ఒక్కో రంగుకి 256 వెలుతురు మెట్లు ఉంటాయి. కెమెరాలో రా ఫైల్‌గా (సెన్సార్ పట్టినదాన్ని మార్చకుండా దాచేది) తీస్తే 12 బిట్‌లో 4,096, 14 బిట్‌లో 16,384 మెట్లు. నల్లటి ముఖాన్ని పైకి లేపినప్పుడు ఆ మెట్లు ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. జేపెగ్‌లో ఉన్నవే తక్కువ కాబట్టి చెంప మీద మచ్చలు మచ్చలుగా, గళ్ళు గళ్ళుగా తేలుతుంది. నా అనుభవంలో జేపెగ్‌ని ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు), మహా అయితే ఒకటిన్నర స్టాప్ లేపొచ్చు, ఆపైన ఆశ పెట్టుకోవద్దు. రా అయితే మూడు స్టాప్‌ల దాకా లాగిన సందర్భాలున్నాయి. అన్నట్టు, ఆ ఫొటోలు మీకు వాట్సాప్‌లో వచ్చినవైతే ముందు తీసినవాళ్ళ దగ్గర్నుంచి ఒరిజినల్స్ తెప్పించుకోండి. వాట్సాప్ మామూలుగా పంపితే ఫొటోని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్‌లో పెట్టమనండి. ఈ ఒక్క ఫోన్‌కాల్‌తో వచ్చే తేడా గంటసేపు స్లైడర్లు జరిపినా రాదు.

ఇక పని. ఫొటో మొత్తానికి ‘షాడోస్’ స్లైడర్ చివరిదాకా లాగడం అందరూ చేసేదే. ఇసుక, బండలు, జుట్టు, చీర అన్నీ ఒకే స్థాయికి వచ్చి ఫొటో చప్పగా అయిపోతుంది. దానికి బదులు హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) కొద్దిగా దించి ఆకాశాన్ని నిలబెట్టుకుని, మనుషుల మీద మాత్రం మాస్క్ వేసి (మార్పు అక్కడే పనిచేసేలా ఆ భాగాన్ని ఎంచుకుని) అక్కడే ఎక్స్‌పోజర్ పెంచండి. మాస్క్ అంచు మెత్తగా ఉండాలి. లేకపోతే జుట్టు చుట్టూ తెల్లటి వలయం కనిపించి, మనిషిని కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. మీ నాన్నగారికి నెరిసిన జుట్టు ఉంటే ఆ వలయం ఇంకా బయటపడుతుంది, జుట్టు దగ్గర బ్రష్‌తో చెరిపేయండి.

ముఖం వెలుగులోకి వచ్చాక చాలామంది అక్కడే ఆగిపోతారు. కాస్త దగ్గరికి జూమ్ చేసి చూడండి, చర్మం పాలిపోయి, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ముఖం మీద పడింది ఎండ కాదు, ఆకాశం నుంచి వచ్చిన నీలపు వెలుతురు. నల్లగా ఉన్నంతసేపూ ఆ నీలం తెలియదు, పైకి లేపగానే తెలుస్తుంది. కాబట్టి అదే మాస్క్‌లో, అక్కడ మాత్రమే, టెంపరేచర్ స్లైడర్ కొద్దిగా పసుపు వైపు జరపండి. ఇదొక్కటి చేస్తే ముఖంలో ప్రాణం వస్తుంది. ఫొటో మొత్తానికి జరిపితే మాత్రం సముద్రం గోధుమరంగుకి తిరుగుతుంది.

ఎంత వెలిగించాలి అంటే, ఎదురెండలో నిలబడ్డ మనిషిలా కాదు. వెనక సూర్యుడు ఉన్నాడని చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది కాబట్టి ముఖం ఆకాశం కంటే ఒక మెట్టు నీడలోనే ఉండాలి. మన దగ్గర ఇంకో బాధ కూడా ఉంది. ‘కాస్త తెల్లగా చెయ్యండి’ అని పెళ్ళివారు అడగని ఆల్బమ్ అంటూ నేను చూడలేదు. నేను చెయ్యను. చామనఛాయ మనిషిని తెల్లగా చేస్తే మొదట పోయేది ముఖంలో లోతు, ముక్కు పక్క నీడ, నుదుటి గీతలు. చివరికి ఎవరో తెలియకుండా పోతారు.

నాయిస్ గురించి రెండు మాటలు. లేపిన నీడల్లో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు తేలితే అది కలర్ నాయిస్. దాన్ని ధైర్యంగా తీసేయొచ్చు, పోయేదేమీ లేదు. తెలుపు-నలుపు ఇసుకలా కనిపించేది లూమినెన్స్ నాయిస్. దాన్ని కొంచెమే తగ్గించండి, ఎక్కువైతే చర్మం నున్నగా అయిపోతుంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ రా ఫైళ్ళ మీద నిజంగానే బాగా పనిచేస్తుంది.

వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ తెల్లగా మసగ్గా ఉంటే అది కెమెరా తప్పు కాదు, సముద్రపు తేమ. మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ చాలా తక్కువ వాడండి. ఎక్కువైతే కొండ చుట్టూ నల్లటి అంచు వచ్చి, ఆకాశం మరకలు పడుతుంది. ఫొటో మొత్తం, మధ్యలో మరీ ఎక్కువగా, పాలపొర కప్పినట్టు ఉందంటే మాత్రం అది తేమ కాదు. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్‌కి పట్టిన ఆవిరి. దానికి ఎడిటింగ్‌లో పూర్తి మందు లేదు, బ్లాక్స్ స్లైడర్ దించితే కొంత మెరుగు.

ఇప్పుడు పెళ్ళి ఫొటోలు. హాల్లో స్టేజీకి రెండు పక్కలా పెట్టే ఎల్ఈడీ పార్ లైట్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వెలుగుతాయి. ఊదా కావాలంటే ఎరుపు, నీలం వేసి ఆకుపచ్చ ఆపేస్తారు. అంటే ముఖం మీద ఆకుపచ్చ వెలుతురు దాదాపు పడనే లేదు. ఫొటో అంటే ఈ మూడు రంగుల చానళ్ళే కదా, అందులో ఒకటి ఖాళీగా ఉంది. మామూలు బల్బు పసుపుదనం అయితే వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దడం) ఇట్టే సరిపోతుంది. ఎందుకంటే అందులో అన్ని రంగులూ ఎంతో కొంత ఉంటాయి. ఊదా ఎల్ఈడీ కింద లేని ఆకుపచ్చని వైట్ బ్యాలెన్స్ పుట్టించలేదు. బలవంతంగా లాగితే ముఖమంతా పచ్చటి మచ్చలే.

అందుకని మీ ఫొటోల్ని ముందు రెండు కుప్పలు చేయండి. వీడియోవాళ్ళ తెల్ల లైట్ ముఖం మీద పడినవి ఒకటి, ఒట్టి పార్ లైట్ల కింద తీసినవి ఒకటి. మొదటి కుప్ప సులువు. ముఖానికి సరిపడేలా వైట్ బ్యాలెన్స్ పెట్టి, వెనకాల ఊదాని ఊదాగానే వదిలేయండి, కావాలంటే శాచురేషన్ (రంగు గాఢత) కాస్త తగ్గించండి. అది ఆరోజు హాల్లో ఉన్న రంగే, తుడిచేయాల్సిన పనిలేదు.

వైట్ బ్యాలెన్స్‌కి ఐడ్రాపర్‌తో తెల్లటి వస్తువు మీద నొక్కుతారు కదా, పెళ్ళిలో అది దేనిమీద నొక్కాలన్నదే పెద్ద చిక్కు. మధుపర్కాలు తెల్లగానే కనిపిస్తాయి, కానీ అంచులకి పసుపు రాసి ఉంటుంది, తడి పసుపు మధ్యలోకీ పాకుతుంది. మీ బాబాయిగారి తెల్లచొక్కా నీలిమందు పెట్టి ఉతికింది. దానిమీద నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్నే తెలుపు అనుకుని ఫొటో మొత్తాన్ని పసుపు చేస్తుంది. తలంబ్రాలు సరేసరి, పసుపు కలిపినవే. నేను ఎక్కువగా నొక్కేది స్టీలు పళ్ళెం మీద మెరుపు లేని చోట, లేదా ఎవరి చేతిలోనైనా ఉన్న పేపర్ కప్పు మీద. అదీ ముఖం మీద పడ్డ లైటే దానిమీద కూడా పడితేనే. ఏదీ దొరక్కపోతే కంటితో చూసి సరిచేయడమే.

ఇంకో జాగ్రత్త. పెళ్ళికూతుర్ని చేసినప్పటి ఫొటోల్లో ఆటో వైట్ బ్యాలెన్స్ జోలికి పోవద్దు. ముఖం, చేతులు, చీర అంతా పసుపు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని లైట్ దోషం అనుకుని నీలం కలిపేస్తుంది. పసుపు రాసిన బుగ్గలు బూడిదరంగులో ఉన్న ఆల్బమ్‌లు ఎన్నో చూశాను. ఎంత ఖర్చు పెట్టి ఏం లాభం చెప్పండి.

రెండో కుప్పకి, ఒట్టి ఊదావాటికి, నా సలహా బ్లాక్ అండ్ వైట్. అదీ ఒక్క బటన్ నొక్కి వదిలేయడం కాదు. మూడు చానళ్ళనీ విడివిడిగా చూడండి. ఎర్ర లైట్ కింద ఎర్ర పట్టుచీర ఉంటే ఎరుపు చానల్ పూర్తిగా ఓవర్ అయిపోయి, జరీ అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. కానీ అదే చోట ఆకుపచ్చ చానల్ చూస్తే, నాయిస్ ఉన్నా సరే, జరీ పువ్వులు ఒక్కొక్కటీ విడిగా కనిపించొచ్చు. చానల్ మిక్సర్‌లో ఆ ఆకుపచ్చ చానల్ వాటా పెంచి, ఎరుపు తగ్గించండి. మొన్న ఒక ఉప్పాడ చీర అంచు ఇలాగే బయటికి వచ్చింది, రంగు ఫొటోలో అక్కడ అంచు ఉందన్న సంగతే తెలియదు. పోతే, నీలం ఒక్కటే పడ్డ ముఖాలకి ఆశ తక్కువ. మన చర్మం రంగంతా ఎరుపు చానల్‌లోనే ఎక్కువ ఉంటుంది, అదే అక్కడ ఖాళీ.

కొన్నిట్లో అడ్డంగా నల్లటి పట్టీలు వచ్చాయన్నారు. అది లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, మన కంటికి తెలియదు. షట్టర్ వేగం అంతకంటే పెంచితే పట్టీలు పడతాయి. తర్వాత తీసేటప్పుడు సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు పెట్టుకుంటే చాలావరకు పోతుంది. డిమ్మర్‌తో నడిచే స్టేజీ లైట్లకి మాత్రం ఇది ప్రతిసారీ పనిచేయదు. వచ్చేసిన పట్టీల్ని తుడవడం చాలా చాకిరీ. ముఖం మీద పడనివి ఉంచుకుని మిగతావి పక్కన పెట్టేయండి.

యాప్‌కి వస్తే, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉచితం, మీ బీచ్ ఫొటోలకి అది చాలు. సెలెక్టివ్ టూల్‌తో ముఖం మీద చుక్క పెట్టి బ్రైట్‌నెస్ పెంచండి. బ్రష్‌లో టెంపరేచర్ కూడా ఉంది, నేను పైన చెప్పిన పసుపు అక్కడ దొరుకుతుంది. కెమెరా రా ఫైళ్ళకి, చానళ్ళ పనికి కంప్యూటర్ మీద డార్క్‌టేబుల్ గానీ రా థెరపీ గానీ వేసుకోండి, రెండూ ఉచితమే. మొదట్లో డార్క్‌టేబుల్ చూస్తే టెన్షన్ వస్తుంది, ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్, మాస్క్ ఈ మూడూ నేర్చుకుంటే మీ పని అయిపోతుంది. డబ్బు పెట్టగలిగితే లైట్‌రూమ్ హాయి.

ఆల్బమ్‌కి పంపేముందు ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి దించి ఒకసారి అన్నీ చూసుకోండి. రాత్రి చీకటి గదిలో ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టుకుని ఎడిట్ చేస్తే స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది, కాగితం మీద నల్లగా వస్తుంది. ఫైళ్ళు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ చేసి, బీచ్‌వి ఒకటి, హాల్‌వి రెండు, 4×6 సైజులో మీ ఆల్బమ్ ప్రింట్ చేసే ల్యాబ్‌లోనే వేయించండి. వాటిని పగలు కిటికీ దగ్గర పెట్టి చూసి, నల్లగా ఉన్నాయనిపిస్తే అన్నిటికీ అంతే కొలత ఎక్స్‌పోజర్ పెంచి అప్పుడు మొత్తం ఆర్డర్ ఇవ్వండి.