పందుల కోసం తీగ తెచ్చిన అల్లుడికి

అల్లుడా,

హైదరాబాద్ నౌకరీ వదిలి, ఇన్నేండ్లు పడావు పడ్డ చెలకలో రెండెకరాల పల్లి వేశావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. మస్తు సంతోషమైంది. కానీ చివర్లో, పందులకు బోను చేయిస్తున్నాడు, తీగ చుట్ట కూడా తెచ్చాడు అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. ఆ తీగ దేనికిరా?

బోను సంగతి ముందు చెప్తా. అడవి పందిని పట్టడం కూడా 1972 వన్యప్రాణి చట్టంలో వేట కిందికే వస్తుంది. ఫారెస్టోళ్ల కాగితం చేతికి రాకుండా బోను ముట్టకు. వచ్చాక కూడా తలుపు తెరిచే పెట్టి, మక్కలు చల్లి, కొన్నాళ్లు పందుల మందంతా వచ్చి తిననీ. తొందరపడి ఒక్కదాన్ని పడితే మిగతావి బోను దిక్కు చూడవు. పడ్డదాని దగ్గరికి పోకు, కోరతో తొడ చీలుస్తుంది.

ఇక తీగ. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఆమె ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పల్లికి ఊడలు దిగి కాయ పట్టే వేళ, పందులు ఒక్క రాత్రిలో నాలుగు సాళ్లు దున్నిపోయాయి. నాకు మండి, మోటరు డబ్బాలోంచి ఒక ఫేజు గుంజి గట్టు మీద తుమ్మ కట్టెలకు మూరెడు ఎత్తున కట్టాను. అప్పట్లో కరెంటు రాత్రి వచ్చి తెల్లారేసరికి పోయేది. ఆ నమ్మకంతోనే పొద్దున తీగ చుడదామని బయల్దేరాను. ముందు ఫ్యూజు పీకాలని తెలుసు. డబ్బా బాయికి అవతల ఉంది, గడ్డి మీద మంచు, బద్ధకించాను, అంతే. ముందు మీ అమ్మ సద్దిగిన్నెతో, వెనక ఎద్దులతో నేను. రేగుచెట్టు కాడ ఆమె ఆగి ఒళ్లోకి పండ్లు ఏరుకుంటుంటే దాపటెద్దు ఆమెను దాటి పోయింది. అరుపు లేదు, ఏం లేదు. ముందుకాళ్లు మడిచి కూలబడింది. మొరాయిస్తోందనుకుని అదిలించాను కూడా. మెడలో గజ్జెలు మాత్రం ఆగకుండా వణుకుతున్నాయి, అప్పుడు అర్థమైంది. మీ అమ్మను జబ్బ పట్టి వెనక్కి గుంజితే పండ్లన్నీ రాలిపోయాయి. అప్పుడామె ఏడ్చింది పండ్ల కోసమే. ఎద్దు కోసం ఏడ్చింది సాయంత్రం. మీ తాత నన్ను ఒక్క మాట అనలేదు, జత పోయిన వలపటెద్దును అంగడిలో అమ్ముకొచ్చి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇన్నేండ్లయినా రేగుపండు నా నోట్లోకి పోదు.

తీగే కావాలంటే సోలార్ ఝటకా మిషన్ పెట్టుకో. అది బ్యాటరీ మీద నడుస్తుంది, కంచె తీగలో ఇంచుమించు సెకనుకోసారి షాకు కొట్టి వదిలేస్తుంది. స్తంభం కరెంటు అలా వదలదు. కింది తీగ జానెడు ఎత్తు మించొద్దు, పంది మూతితో ఎత్తి దూరుతుంది. గడ్డి తగిలితే దెబ్బ పోతుంది, కోస్తూ ఉండు. మన ఎర్ర చెలక ఎండితే ఎర్తు సరిగా పనిచేయదు, రాడ్డు కాడ బిందెడు నీళ్లు పొయ్యి. వచ్చే యాసంగికి చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ ఒత్తుగా వెయ్యి, ముండ్లకు వెనక్కి తిరుగుతాయి. చీరలు కడితే నాలుగు రోజులు భయపడతాయి, తర్వాత వాటి కిందే పడుకుంటాయి. మీ అత్త మంచి చీర ఒకటి అలాగే పోయింది, ఇప్పటికీ తిడుతుంది.

నీ తీగ చుట్ట వాకిట్లో మంచం కింద ఉందట, అడిగాను. శనివారం పొద్దున బస్సుకు వస్తున్నా, అప్పటిదాకా దాని కట్టు విప్పకు. కాయ ముదిరిందో లేదో చూద్దాం, నాలుగు చెట్లు పీకి ఉంచు.

మీ మామ