డాక్టర్ సలహా: బ్లాక్ కాఫీ కషాయంలా ఉంది.. అలవాటయ్యే దారి ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. నా వయసు 43. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 75 కిలోలు. ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రెండేసి స్పూన్ల పంచదార వేసుకుని రోజుకి నాలుగు ఫిల్టర్ కాఫీలు తాగే అలవాటు. బరువు తగ్గాలని డైట్ మొదలుపెట్టాక పాలు, పంచదార మానేసి బ్లాక్ కాఫీ తాగమన్నారు. ఇంట్లో ఉన్న డికాక్షనే గ్లాసులో పోసుకుని తాగుతున్నాను. ఒక్క గుక్క కూడా సుఖంగా దిగడం లేదు. ‘కషాయం అయిందా?’ అని మావారు వెక్కిరిస్తున్నారు. రోజుకి ఒక్కసారి కన్నా ఎక్కువ తాగలేకపోతున్నాను. రెండో రోజు నుంచి తలనొప్పి, చిరాకు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగడం ఎప్పటి నుంచో అలవాటు. హిమోగ్లోబిన్ 10.4 ఉందని ఐరన్ మాత్రలు కూడా ఇచ్చారు. బ్లాక్ కాఫీ నాకు పడదంటారా? ఇష్టంగా తాగడం నేర్చుకోవచ్చా? సంక్రాంతికి తెనాలి వెళితే మా అత్తగారు చిక్కటి గేదెపాల కాఫీ ఇస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడిగింది కాఫీ రుచి గురించే అయినా, నా చూపు ముందు థైరాయిడ్ మాత్ర మీద పడింది. ఆ మాత్రని పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి అప్పుడు కాఫీ తాగాలి. వెంటనే తాగితే మందు ఒంటికి పట్టడం తగ్గిపోతుంది. కాఫీలో పాలు ఉన్నా లేకపోయినా ఇంతే. మందు సరిగా పట్టకపోతే నీరసం, మలబద్ధకం, ఎంత కడుపు మాడ్చుకున్నా కదలని బరువు.. ఇవన్నీ రావచ్చు. మనమేమో డైట్ పనిచేయడం లేదని డైట్‌ని తిట్టుకుంటాం. ఐరన్, కాల్షియం మాత్రలకీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. రేపటి నుంచే ఈ వేళలు మార్చుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి మీ డాక్టరుకి చూపించండి. డోసు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు. లేవగానే మాత్ర వేసుకుని, స్నానం, దీపం, పిల్లల క్యారేజీలు అయ్యాక కాఫీకి కూర్చుంటే ఆ గంట తెలియకుండానే గడిచిపోతుంది.

తలనొప్పి సంగతి. అది బ్లాక్ కాఫీ పడక వచ్చింది కాదు, కాఫీ తగ్గి వచ్చింది. రోజుకి నాలుగు కాఫీలకి అలవాటు పడ్డ మెదడుకి ఒక్కసారిగా ఒక్కటే ఇచ్చారు. కాఫీలో హుషారునిచ్చే పదార్థం కెఫీన్. అది తగ్గిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, ఆవలింతలు మొదలవుతాయి. ఒకటి రెండు రోజులు బాగా బాధపెట్టి, సాధారణంగా వారం తొమ్మిది రోజుల్లో వాటంతట అవే పోతాయి. ఉపవాసం రోజు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు సాయంత్రానికి తల పట్టుకుని కూర్చునేది చాలాసార్లు ఆకలికి కాదు, కాఫీ తాగక. కాబట్టి మీరు నాలుగు నుంచి ఒకటికి దూకకుండా, మూడుకి వచ్చి వారం ఆగండి, తర్వాత రెండుకి రండి. తలనొప్పి మాత్రలతో పని ఉండదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పాలు కలపని, పంచదార వేయని కాఫీలో కప్పుకి రెండు మూడు కేలరీలకి మించి ఉండవు. మీ మామూలు కాఫీలో వంద మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలు పోస్తారనుకుందాం, వాటిలో 85 కేలరీల పైనే ఉంటాయి. రెండు స్పూన్ల పంచదార పది గ్రాములైతే మరో 40. మొత్తం ఒక గ్లాసుకి 125. నాలుగు గ్లాసులకి 500. చట్నీ లేకుండా ఎనిమిదో తొమ్మిదో ఇడ్లీలు అదనంగా తిన్నట్టు! పైగా స్పూను తలకొట్టి వేసుకునేవాళ్ళు ఎంతమంది? గోపురంలా వస్తే గానీ మన చెయ్యి డబ్బాలోంచి బయటికి రాదు. అందుకే మీకు ఆ సలహా ఇచ్చినవాళ్ళు తప్పు చెప్పలేదు. అయితే బ్లాక్ కాఫీ కొవ్వుని కరిగిస్తుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే అది నమ్మకండి. కెఫీన్ వల్ల ఒంట్లో ఖర్చయ్యే శక్తి కొంచెం పెరుగుతుంది, నిజమే. తూకం మీద కనపడేంత కాదు. లాభమంతా మానేసిన పాలు పంచదారలదే. బ్లాక్ కాఫీలో నిమ్మకాయ పిండుకుని తాగితే పొట్ట కరుగుతుందని రీల్స్‌లో చూపిస్తున్నారు. నిమ్మకాయని పప్పులో పిండుకోండి.

అసలు విషయానికి వస్తే, మీరు తాగుతున్నది బ్లాక్ కాఫీ కాదమ్మా. పాల కోసం తీసిన డికాక్షన్‌ని పాలు లేకుండా తాగుతున్నారు. మన ఫిల్టరులో దిగే చిక్కటి డికాక్షన్ అరగ్లాసు పాలని తట్టుకునేలా ఉంటుంది. పాలలోని మాంసకృత్తులు కాఫీలోని వగరుని పట్టేసుకుంటాయి, పంచదార చేదుని కప్పేస్తుంది. ఆ రెండూ తీసేస్తే మిగిలేది మీవారు అన్నట్టు కషాయమే. ఆయన మాటలో తప్పేం లేదు.

మీ కాఫీ పొడి ప్యాకెట్ తిరగేసి చూడండి. చికోరీ ఎంత శాతమో రాసి ఉంటుంది, రాయాలన్నది నిబంధన. కాఫీ 51 శాతానికి తగ్గకూడదు కాబట్టి చికోరీ 49 శాతం వరకూ ఉండొచ్చు. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి కొట్టి కలుపుతారు. దాంట్లో కెఫీన్ ఉండదు. డికాక్షన్‌కి నలుపు, చిక్కదనం, ఒక రకం మొద్దు చేదు ఇస్తుంది. పాలతో కలిస్తే ఆ రుచి బ్రహ్మాండం, నాకూ ఇష్టమే. పాలు లేకుండా మాత్రం నాలుక మీద మాడు వాసనలా నిలిచిపోతుంది. బ్లాక్ కాఫీకి చికోరీ లేని పొడి కావాలి. గింజలు వేయించి పట్టి ఇచ్చే దుకాణానికి వెళ్ళి ‘చికోరీ వద్దు, అరబికా, మీడియం రోస్ట్’ అని అడగండి. అరబికా ఒక రకం కాఫీ గింజ. రోబస్టా అనే ఇంకో రకంలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువ. మన రాష్ట్రంలోనే మంచి అరబికా పండుతోంది కదా, అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య పెంచే అరకు కాఫీ. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకసారికి వంద గ్రాములే కొనండి. నెలకి సరిపడా పట్టించి డబ్బాలో పోసుకుంటే పదిహేను రోజులకే సువాసన పోయి చేదు మిగులుతుంది.

కాచే పద్ధతి కూడా మార్చాలి. నూట యాభై మిల్లీలీటర్ల నీళ్ళకి పది గ్రాముల పొడి, అంటే సుమారుగా రెండు పెద్ద స్పూన్లు. నీళ్ళు తెర్లాక స్టవ్ కట్టేసి అర నిమిషం ఆగండి. సలసల కాగే నీళ్ళు పోస్తే పొడిలోని చేదంతా లాగేస్తాయి. ఫిల్టరులో పొడిని గట్టిగా అదమొద్దు. మీ పాత ఫిల్టరుతోనే చేసుకోవాలంటే మొదటి డికాక్షన్ 30 మిల్లీలీటర్లు తీసుకుని, దానికి వంద, నూట ఇరవై వేడినీళ్ళు కలపండి. గ్లాసు అడుగు లీలగా కనపడాలి. రంగు పలచటి మిరియాల చారులా ఉండాలి గానీ తారులా కాదు. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి రెండో డికాక్షన్ తీస్తాం చూడండి, అది పనమ్మాయికి ఇవ్వడం కూడా మర్యాద కాదు. డికాక్షన్‌ని మళ్ళీ మరిగించొద్దు. నేను హౌస్ సర్జన్‌గా నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో పొద్దుపోయాక ఎవరో ఒకరు ఫ్లాస్కులో మిగిలిన కాఫీని వేడి చేసి ఇచ్చేవారు. నిద్ర మాత్రం ఎగిరిపోయేది. ఆ రుచి వల్లో కెఫీన్ వల్లో ఇప్పటికీ చెప్పలేను.

రుచి అలవాటు చేయడం గురించి. ఇంట్లో చంటిపిల్లలకి ఆవకాయ ఎలా అలవాటు చేశారో గుర్తు తెచ్చుకోండి. మొదటి రోజే ఎర్రటి ముద్ద నోట్లో పెట్టలేదు కదా. ముక్కని నీళ్ళలో కడిగి, పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేసి, ఒక్కటి నాలుక మీద రాసి చూపించి ఉంటారు. కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూనే పిల్ల మళ్ళీ చెయ్యి చాస్తుంది. పదేళ్ళొచ్చేసరికి జాడీ మూత తనే తీస్తుంది. నాలుక అంతే, ఏదైనా దానికి పదిసార్లు పరిచయం కావాలి. కాఫీ చేదుకీ అదే పద్ధతి.

ముందు పంచదార, తర్వాత పాలు. ఈ వరస తిరగేయొద్దు. పాల కాఫీ తాగుతూనే ప్రతి నాలుగైదు రోజులకీ పావు స్పూను పంచదార తగ్గించండి. మీవి రెండు స్పూన్లు కాబట్టి నెల, నెలన్నర పడుతుంది, పట్టనివ్వండి. ఈలోపు పాలలోనే ఉండే సహజమైన తీపి మీకు తెలియడం మొదలవుతుంది. ఆ తర్వాత ఫుల్ క్రీమ్ నుంచి టోన్డ్ పాలకి మారి, వారానికింత చొప్పున పాలు తగ్గిస్తూ నీళ్ళు పెంచండి. ఒక దశలో కాఫీ రంగు చూసి మీకే అనుమానం వస్తుంది, ఇది పాల కాఫీనా బ్లాక్ కాఫీనా అని. అక్కడికి వచ్చారంటే మిగతాది సులువు. పంచదార బదులు బెల్లం వేసుకుంటానంటారేమో. బెజవాడలో బెల్లం టీ, బెల్లం కాఫీ బోర్డులు ఈమధ్య సందుకొకటి కనపడుతున్నాయి. కేలరీల లెక్కలో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. తీపి మాత్రలతోనూ నాలుక తీపిని మరిచిపోదు. బరువు తగ్గడం కోసం వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పింది.

చేదు మరీ ఇబ్బంది పెడితే గ్లాసులో ఉప్పు నాలుగు పలుకులు వేసి చూడండి. ఉప్పగా అనిపించకూడదు, చేదు మాత్రం మెత్తబడుతుంది. బీపీ ఉంటే ఈ చిట్కా వద్దు. ఏలకులో శొంఠో పొడి కాస్త కలుపుకోవచ్చు. పొగలు కక్కేటప్పుడు తాగకుండా, గ్లాసు చేత్తో హాయిగా పట్టుకోగలిగే వేడికి వచ్చాక తాగండి. మంచి అరబికాలో పుల్లదనం, పండు వాసన అప్పుడే తెలుస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో వేడి కాఫీ ఎవరికి కావాలి? అర లీటరు చల్లటి నీళ్ళలో నాలుగైదు పెద్ద స్పూన్ల పొడి కలిపి, మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే పల్చటి గుడ్డలో వడకట్టండి. చల్లనీళ్ళలో చేదు తక్కువగా దిగుతుంది. మొదటిసారి బ్లాక్ కాఫీ నచ్చింది ఇలా తాగినప్పుడే అని నా పేషెంట్లు చాలామంది చెప్పారు. చల్లగా ఉంది కదా అని రెండు పెద్ద గ్లాసులు లాగించొద్దు, కెఫీన్ ఇందులోనూ ఉంటుంది.

ఎంత తాగొచ్చు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పులో డికాక్షన్ కాఫీ అయితే 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ అయితే 50 నుంచి 65 ఉంటుంది. మీకు రెండు కప్పులు చాలు. రెండోది మధ్యాహ్నం మూడు లోపే. తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులో సగం కెఫీన్ రక్తంలోనే తిరుగుతుంటుంది. నిద్ర చెడితే మర్నాడు ఆకలి ఎక్కువై, సాయంత్రం ఆఫీసు కింద పునుగుల బండి దగ్గర ఆగుతారు.

మీకు రక్తం తక్కువ కాబట్టి ఒక జాగ్రత్త. అన్నానికీ టిఫిన్‌కీ గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ రెండూ వద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా ఇవి అడ్డుపడతాయి. ఇడ్లీ తింటూ కాఫీ చప్పరించడంలో ఉన్న సుఖం నాకు తెలుసు, కానీ 10.4తో ఆ సుఖం కుదరదు. ఐరన్ మాత్రకీ ఇదే నియమం. నాలుగు కాఫీల పాలు మానేస్తే రోజుకి నాలుగు వందల మిల్లీలీటర్ల పాలు, వాటితో సుమారు 480 మిల్లీగ్రాముల కాల్షియం పోతుంది. నలభై దాటిన ఆడవాళ్ళకి అది చిన్న లోటు కాదు. భోజనంలో కప్పు పెరుగు, సాయంత్రం మజ్జిగ, వారంలో రెండు మూడు రోజులు రాగి జావ తప్పనిసరిగా ఉండాలి.

బ్లాక్ కాఫీ మొదలుపెట్టాక గుండెదడ, చేతుల వణుకు, ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉంటే తగ్గించి డాక్టరుకి చూపించండి. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువ ఉందని తేలితే స్టీలు ఫిల్టరు బదులు పేపర్ ఫిల్టరు వాడండి. కొలెస్ట్రాల్ పెంచే నూనెలాంటి పదార్థాలు కాగితంలో ఆగిపోతాయి. గర్భిణులు ఈ మోతాదుల్ని పాటించొద్దు, వాళ్ళు తమ డాక్టరుని అడిగి ఇంతకన్నా తక్కువే తాగాలి.

రెండు మూడు నెలలు నిజాయితీగా ప్రయత్నించాక కూడా నచ్చకపోతే? వదిలేయండి. పంచదార లేకుండా, టోన్డ్ పాలతో చిన్న గ్లాసు కాఫీ రోజుకి రెండుసార్లు తాగితే వంద, నూట ఇరవై కేలరీలే. 500 నుంచి అక్కడికి వచ్చినా నేను సంతోషిస్తాను. ముక్కు మూసుకుని తాగే కాఫీ నాలుగు వారాల కన్నా ఎక్కువ నిలవదు, ఐదో వారం పాత గ్లాసు బయటికి వస్తుంది.

తెనాలి సంగతి మరీ అంత టెన్షన్ పడాల్సింది కాదు. మీ అత్తగారు ఇచ్చిన గేదెపాల కాఫీ పొద్దున ఒక గ్లాసు హాయిగా తాగండి, పంచదార మాత్రం ‘నేనే వేసుకుంటానత్తయ్యా’ అని చెప్పి డబ్బా మీ దగ్గర పెట్టుకోండి. పండక్కి మూడు రోజులు ఉంటారేమో, మూడు గ్లాసులు. దానికన్నా ఆ గ్లాసు పక్కనే పళ్ళెంలో పెట్టి తెచ్చే అరిసెలు ఎన్నో లెక్కపెట్టుకోండి.