బస్సు కాదు, బస్సుకు డబ్బు అడుగు

చిత్తూరు, కట్టమంచి

మేనకోడలికి ఆశీస్సులు.

పాపా, తిరుపతిలో మీ కాలనీల వాళ్ళంతా కలిసి బస్సుల కోసం రాసిన వినతిపత్రం వాట్సాప్‌లో చదివాను. మంగళం వైపు ఇంకో సర్వీసు, పేరూరుకు రాత్రి ట్రిప్పు, రుయా ఆసుపత్రి దగ్గర షెల్టరు, పాసుల కౌంటరు, ఎలక్ట్రిక్ బస్సులు, తిరుచానూరు రోడ్డులో గుంతలు... ఒకటా రెండా! రాసింది ఎవరో గానీ తెలుగు బాగుంది. కానీ ఆర్టీసీ ట్రాఫిక్ సెక్షన్‌లో చేసి రిటైరైనవాణ్ణి, ఇలాంటి కాగితాన్ని ఆఫీసుల్లో ఏం చేస్తారో నాకు తెలుసు. గుంతలు కార్పొరేషన్‌కు, షెల్టరు తుడాకు (పట్టణాభివృద్ధి సంస్థకు), రాత్రి ట్రిప్పు డిపోకు అని పక్కన రాసి తలా ఒక కాపీ పంపేస్తారు. ఫైలు తిరుగుతూనే ఉంటుంది, పని మాత్రం ఎవరిదీ కాదు.

మీరు అడగాల్సింది ఒక్కటే. అదీ బస్సు కాదు, ఆ బస్సు నడవడానికి ఏడాదికయ్యే డబ్బు.

బస్సు అడిగితే ఏమవుతుందో చెప్తా విను. ఎమ్మెల్యే చెప్పాడనో, ఊళ్ళో ధర్నా జరిగిందనో డిపో మేనేజరు ఒక ట్రిప్పు వేస్తాడు. కొబ్బరికాయ కొడతారు, పేపర్లో ఫోటో వస్తుంది. కొన్నాళ్ళకు ఆ సర్వీసు కిలోమీటరుకు ఎంత తెస్తోంది, సీట్లు ఎంత శాతం నిండుతున్నాయి అని లెక్క తీస్తారు. మొదటిదాన్ని మేము ఈపీకే అంటాం, రెండోదాన్ని ఓఆర్ అంటాం. తెల్లవారుజాము ట్రిప్పు, రాత్రి పదింటి ట్రిప్పు ఆ లెక్కలో ఎప్పుడూ వెనకబడే ఉంటాయి. ఎక్కడో ఒక బండి చెడిపోయిందంటే ముందు రద్దయ్యేది అవే. మేనేజర్‌ను తిట్టి లాభం లేదు. ఆయన చేతిలో ఉన్న బండ్లు, డ్రైవర్లు, డీజిలు అంతే. నష్టం వచ్చే ట్రిప్పుకు ఎవరు డబ్బు పెట్టాలన్నది ఆయన టేబుల్ మీద తేలే సంగతి కాదు.

పైగా కాలం మారింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, జీతాలు ఖజానా నుంచి వస్తున్నాయి. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళ ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక ఆడవాళ్ళకు కొట్టే జీరో టికెట్ల డబ్బు ప్రభుత్వం లెక్కలోకి పోయింది. అంటే బస్సు తలరాత ఇప్పుడు కండక్టర్ టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో కన్నా రాష్ట్ర బడ్జెట్‌లో ఎక్కువ ఉంది. మీరు తట్టాల్సిన తలుపూ అదే.

కేంద్రం సంగతీ అంతే. 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ కింద దేశమంతా 10,000 ఎలక్ట్రిక్ బస్సులన్నారు. బస్సు నడిపినందుకు కిలోమీటరుకు ఇంత అని పదేళ్ళు సాయం చేస్తారు. టికెట్ల డబ్బు, ఆ సాయం పోను మిగిలే ఖర్చు రాష్ట్రమో నగరమో భరించాలి. ఆ మిగిలినదాని గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు. మీరు మాట్లాడండి.

లెక్క కష్టమేమీ కాదు. మాటకి, ఒక రూటులో కిలోమీటరుకు ఖర్చుకీ రాబడికీ 20 రూపాయల తేడా ఉందనుకో. బస్సు రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే 4,000 లోటు, ఏడాదికి 14 లక్షల 60 వేలు. నీ అసలు అంకె నువ్వే తెచ్చుకోవాలి. డిపోకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్వీసుల వారీగా ఖర్చు, రాబడి, రద్దయిన కిలోమీటర్లు అడుగు. రద్దయిన కిలోమీటర్లు మరిచిపోవద్దు, అసలు కథంతా అందులోనే ఉంటుంది. ఈలోపు మీ పిల్లల్ని పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా స్టాపుల దగ్గర కూర్చోబెట్టి, ఎంతమంది ఎదురుచూశారు, ఎంతమంది షేర్ ఆటో ఎక్కారు అని రాయించు. బస్సు లేనిచోట ఎంతమంది నిలబడ్డారో టిమ్ మిషన్‌కు తెలియదు కదా.

ఇక మనుషుల సంగతి. మీ సంఘంలో ఉన్నవాళ్ళంతా బస్సెక్కేవాళ్ళే. అది చాలదు. జన్మలో బస్సెక్కనివాడు కూడా నీ కాగితం మీద సంతకం పెట్టిన రోజున ఆఫీసరు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

అలాంటివాళ్ళు తిరుపతిలో తక్కువేం లేరు. లాడ్జి ఓనర్లనే తీసుకో. 2022లో ఊరికి వచ్చిన 100 ఎలక్ట్రిక్ బస్సుల్లో సగం కొండకే కేటాయించారు. భక్తులకు బస్సుంది, సంతోషం. ఆ భక్తుల రూములో దుప్పట్లు మార్చే ఆమె అవిలాల నుంచో కొర్లగుంట నుంచో తెల్లవారకముందే రావాలి, ఆమెకు ఆటో తప్ప గతి లేదు. ఆమె ఆలస్యమైతే నష్టం లాడ్జికి. ఓనర్‌కు పర్యావరణం గురించి ఉపన్యాసం ఇవ్వొద్దు, పొద్దుటి షిఫ్టు గురించి మాట్లాడు. గాంధీ రోడ్డు బట్టల షాపులాయనకు ఇంకో మాట చెప్పాలి. బస్సు వస్తే ట్రాఫిక్ జామ్ అవుతుందని ఆయన భయం. షాపు ముందు అడ్డంగా నిలిపిన బైకులు ఎన్నో ఒకరోజు ఆయనతోనే లెక్కపెట్టించు. స్విమ్స్‌లో నైట్ డ్యూటీ చేసే నర్సులకు రాత్రి భయం, కాలేజీ పిల్లల తల్లిదండ్రులకు పిల్లలు బైకు మీద హైవే ఎక్కుతారన్న టెన్షన్. ఎవరి కారణం వాళ్ళది, ఎవరి మాట వాళ్ళ నోటితోనే రావాలి. అందరి చేతా ఒకే పాఠం అప్పజెప్పించావంటే కలెక్టరేట్‌లో మూడో మనిషి నోరు విప్పేసరికి ఫోన్ చూసుకుంటారు.

మహిళా సంఘాలను మాత్రం మొదటి వరసలో పెట్టు. పట్నంలో మెప్మా, పల్లెల్లో వెలుగు. వాళ్ళకు మీటింగులు అలవాటే, మినిట్స్ పుస్తకం ఉంటుంది, తీర్మానం రాయడం తెలుసు. ఉచిత బస్సు వచ్చాక బస్సు మీద అందరికంటే ఎక్కువ హక్కు వాళ్ళదే. టికెట్ ఉచితమే, బస్సే లేదు అన్న మాట వాళ్ళు చెప్తే వేరుగా ఉంటుంది. అధికార పక్షానికి అది తిట్టులా తగలదు, తమ పథకాన్ని తామే పూర్తి చేసుకోవాలన్న మాటలా వినిపిస్తుంది. మీ ఆర్‌పీలతో, అదే మెప్మా రిసోర్స్ పర్సన్లతో, ముందు మాట్లాడు.

ఇప్పుడు కష్టమైన చోటు, ఆటోవాళ్ళు. మీ గ్రూపులో ఎవరో వాళ్ళను మాఫియా అని రాశారు. ఆ మెసేజ్ తీయించు. స్త్రీశక్తితో వాళ్ళ గిరాకీ పడిపోయిందనే కదా ప్రభుత్వం 2025 అక్టోబరులో ఏడాదికి 15,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. ‘ఇంకో బస్సు’ అనగానే ఎదురు తిరుగుతారు, తిరగకపోతే ఆశ్చర్యపోవాలి. స్టాండ్ ప్రెసిడెంట్ దగ్గరికి నువ్వే వెళ్ళు, లీలామహల్ దగ్గర టీ తాగుతూ కూర్చో. బస్సు మెయిన్ రోడ్డు మీదే పోతుంది, లోపలి వీధుల నుంచి మెయిన్ రోడ్డు దాకా తెచ్చేది ఆటోనే అన్న మాటను మీ కాగితంలో రాతపూర్వకంగా పెట్టు. స్టాపు పక్కనే ఆటో స్టాండుకు చోటు కూడా మీ డిమాండ్‌లో భాగం చెయ్యి. అయినా కొందరు రారు. రాకపోయినా ఫర్వాలేదు, రోడ్డు మీద పడుకోకుండా ఉంటే చాలు. ఇంకో లాభం ఏమిటంటే, ఏ గంటకు ఏ మూల జనం నిలబడతారో ఈ ఊళ్ళో వాళ్ళకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు.

మా ఆర్టీసీ యూనియన్లతో వేరే చిక్కుంది. ప్రైవేటు కంపెనీ నడిపే ఎలక్ట్రిక్ బస్సులంటే వాళ్ళకు పడదు. మీలో కొందరికి ఎలక్ట్రిక్ తప్ప ఇంకోటి వద్దు. ఈ గొడవలో నువ్వు తీర్పు చెప్పొద్దు. కాగితంలో బస్సు రకం రాయకుండా కిలోమీటర్లు రాయి. ఫలానా రూట్లలో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా రోజుకు ఇన్ని కిలోమీటర్లు కావాలి, దానికి లోటు ఇంత, దాన్ని బడ్జెట్‌లో పెట్టండి. అంతే. ఆ మాట కింద అందరూ సంతకం పెట్టగలరు.

మా పెద్దోడు అట్లాంటాలో ఉన్నప్పుడు ఒక సంగతి చెప్పేవాడు. అక్కడ రవాణాకు పన్ను వెయ్యాలంటే జనాన్నే ఓటడుగుతారు. 2012 జులైలో పది కౌంటీల్లో ఒక సెంటు అమ్మకం పన్ను పెంచుదామా అని అడిగారు. వ్యాపారులు బోలెడు డబ్బు పోసి ప్రచారం చేశారు. రోడ్లూ రైళ్ళూ కలిపి అందరినీ మెప్పించాలని పెద్ద జాబితా తయారుచేశారు. పన్ను వద్దనేవాళ్ళు ఎటూ ఎదురు నిలిచారు, చూస్తే పర్యావరణ సంఘం ఒకటీ, నల్లజాతి సంఘం నాయకులు కొందరూ కూడా అదే పక్కన చేరారు. ఓడిపోయింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 2008లో అర సెంటు అడిగారు, మూడింట రెండొంతుల ఓట్లు వస్తేనే గెలుపు. గెలిచారు. 2016లో ఇంకో అర సెంటు అడిగి మళ్ళీ గెలిచారు. 2008 దాంట్లో వచ్చే పన్నులో కొంత భాగం ఆ కౌంటీలో ప్రతి చిన్న ఊరికీ నేరుగా చేరేలా రాసుకున్నారట. నాకు నచ్చింది అది. మన దగ్గర ఓటింగ్ ఉండదు గానీ మీ కిలోమీటర్ల పట్టికలో ప్రతి కాలనీవాడికీ తన ట్రిప్పు ఏదో, ఎన్నింటికో కనబడాలి. డిమాండ్ ఒక్కటే, దాని లోపల అందరి పేర్లూ ఉండాలి.

టీటీడీ డబ్బు జోలికి పోవద్దు. ‘స్వామివారి నిధుల్లోంచి ఇప్పించండి’ అని మీ మీటింగులో ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు, చప్పట్లు కూడా పడతాయి. 2023లో బడ్జెట్‌లో ఒక శాతం ఊరి అభివృద్ధికని మాట వచ్చినప్పుడు ఎంత రచ్చ అయ్యిందో చూశాం కదా. బస్సు గొడవ కాస్తా దేవుడి సొమ్ము గొడవైపోతుంది. టీటీడీని అడగదలిస్తే వాళ్ళ సిబ్బంది డ్యూటీ దిగే వేళలు అడుగు, వసతి సముదాయాల దగ్గర స్టాపుకు చోటు అడుగు.

ఎంపీ నిధుల మాటా వస్తుంది. వాటితో షెల్టరు కట్టొచ్చు, బస్సు నడపడానికి, డీజిలు కొట్టించడానికి వాడకూడదు. షెల్టర్ ఇస్తామంటే వద్దనకు, దండం పెట్టి తీసుకో. పని అయిపోయిందని మాత్రం ఇంటికి పోవద్దు. బస్సు రాని షెల్టర్లు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి, పోస్టర్లు అంటించుకోవడానికి.

రాష్ట్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో సభకు వస్తుంది. అప్పుడు ర్యాలీ తీస్తే లాభం లేదు, అంకెలు అప్పటికే అచ్చయి ఉంటాయి. శాఖలు అంచనాలు పంపేది అంతకు ముందు, చలికాలంలో. కాబట్టి దసరా లోపు మీ కాగితం, లెక్క, సంతకాలు సిద్ధంగా ఉండాలి. ఎమ్మెల్యే దగ్గరికి ఒక్కసారే పోయినా అన్ని రకాల వాళ్ళనూ కలిపి తీసుకుపో. ప్రతిపక్షం ఆయన దగ్గరికీ అదే వారం, అదే కాగితంతో పో. రెండు ఫోటోలూ ఒకేరోజు పెట్టండి. ఏ పార్టీ కండువా అయినా మీ బ్యానర్ మీద పడిందంటే వచ్చే ఎన్నికల తర్వాత మీ ట్రిప్పు ఎగిరిపోతుంది.

చిత్తూరు రూటు కూడా కలుపుకుంటామంటున్నారు. మంచిదే గానీ 2022 ఏప్రిల్ నుంచి జిల్లాలు వేరు, కలెక్టర్లు ఇద్దరు, డిపోలు వేరు. మొదటి ఏడాది తిరుపతి వరకే ఉంచుకో. ఇక్కడ పెన్షనర్ల సంఘంలో నా పాత సావాసగాళ్ళున్నారు. ఖాళీగా ఉన్నారు, ఉత్తరాలు రాయడంలో మొనగాళ్ళు, ఆఫీసుల్లో ఎక్కడ ఎవర్ని పట్టుకోవాలో తెలిసినవాళ్ళు. నీకు కావాలంటే వాళ్ళను ఇప్పటి నుంచే పనిలో పెడతా.

మీటింగులు సాయంత్రం ఆరింటికి కల్యాణ మండపంలో పెడుతున్నారట. ఆ వేళకు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు రాలేరు, వచ్చినా తిరిగి పోవడానికి బస్సుండదు! స్టాపు దగ్గరే, మధ్యాహ్నం పని దిగే వేళకు అరగంట పెట్టు. మైకు ఎవరికి ఇవ్వాలన్న దానికన్నా ఫోన్లు ఎవరు చేస్తారన్నది ముందు తేల్చు. పనంతా అక్కడే ఆగిపోతుంది. చందాలు వసూలు చేస్తే లెక్క ప్రతి నెలా గ్రూపులో పెట్టండి, టీ ఖర్చుతో సహా.

డబ్బు మంజూరై ట్రిప్పు పడితే మొదటి మూడు నెలలు ఆ బస్సు ఖాళీగా పోకుండా చూసే పని కూడా మీదే. సంతకం పెట్టిన ప్రతివాడూ వారానికి ఒక్కసారైనా ఎక్కాలి, లాడ్జి ఓనరుతో సహా. ఆడవాళ్ళు ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా దిగిపోవద్దని గట్టిగా చెప్పు. జీరో టికెట్ కొట్టకపోతే ఆ మనిషి లెక్కలో ఉండదు.

పాత కాగితం పక్కన పెట్టి కొత్తది ఒక్క పేజీలో రాసి నాకు పంపు, అంకెలు నేను సరిచూస్తా. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చేటప్పుడు నంబరు వేయించుకుని రసీదు తీసుకో. అదే రోజు డిపోలో ఇంకో కాపీ ఇచ్చి, నీ జిరాక్సు మీద స్టాంపు కొట్టించుకో.

మీ మామ