రెండంతస్తుల ఇంటికి ఏ బ్రాండ్ రౌటర్ నమ్మొచ్చు?

200 ఎంబీపీఎస్ ప్లాన్, కింద పైన రెండు పోర్షన్లు, రౌటరూ, దాని నుంచి వచ్చే వైరుని నాలుగైదు చోట్లకి పంచే స్విచ్చూ ఏ కంపెనీవి కొనాలని అడిగారు. గుంటూరులో మా ఇల్లూ అంతే. కింద మేము, పైన తమ్ముడి వాళ్లు. నాకు తగిలిన దెబ్బలు మీకు తగలకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

కంపెనీ పేరు కంటే ముందు రౌటర్ వెనక ఉన్న పోర్టులు, అంటే వైరు గుచ్చే రంధ్రాలు చూడండి. నేను మొదట కొన్నది పేరున్న కంపెనీదే. నాలుగు యాంటెనాలు, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 1200 అని ఉంది. ఇంటికి తెచ్చి పెడితే స్పీడ్ 94 దాటదు. వారం రోజులు నెట్ వాళ్లకి ఫోన్లు చేసి విసిగించాను. చివరికి వాళ్ల అబ్బాయి వచ్చి, వైరు తీసి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టాడు. 200 వచ్చింది! ఆ రౌటర్‌కి ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు. 1200 అన్నది వైఫై రెండు బ్యాండ్లూ కలిపి వేసిన లెక్క. ఒకే కంపెనీ రెండు రకాలూ అమ్ముతుంది, కాబట్టి పోర్టుల దగ్గర ‘గిగాబిట్’ (అంటే 1000 ఎంబీపీఎస్) అన్న మాట లేకపోతే కొనకండి.

ఇప్పుడు వాడుతున్నది టీపీ-లింక్ ఆర్చర్ సీ6. మూడేళ్లయింది, రీస్టార్ట్ చేయాల్సిన అవసరం దాదాపు రాలేదు. బడ్జెట్ ఉంటే ఆసుస్ తీసుకోండి. అందులో ఏఐమెష్ (రెండు ఆసుస్ రౌటర్లని ఒకే వైఫైగా కలిపే సదుపాయం) ఉన్న మోడల్ అయితే రేపు అలాంటిదే కొత్తది కొన్నా పాతదాన్ని పై అంతస్తులో పెట్టి రెండూ కలిపి వాడుకోవచ్చు. మైక్రోటిక్ గట్టిది, కానీ సెట్టింగులు తెలిసినవాళ్లకే. ఏది కొన్నా ముందు ఆ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఎప్పుడు వచ్చిందో చూడండి. అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్ చవగ్గా వచ్చినా వద్దు, ఇంట్లో ఫోన్లూ కెమెరాలూ అన్నీ దాని మీదే నడుస్తాయి.

స్విచ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. డీ-లింక్, టీపీ-లింక్ ఏదైనా సరే, ఐదు పోర్టుల గిగాబిట్‌ది చాలు.

వైరు దగ్గర మాత్రం జాగ్రత్త. క్యాట్ 6 (గిగాబిట్‌కి వాడే నెట్ వైరు రకం) అని అమ్మేవాటిలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చాలా ఉంటాయి. షాపులోనే ఒక తీగని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే తీసుకోవద్దు.

ఇంకొకటి, రౌటర్ పోయిందనుకుని పారేయకండి. మాది ఒకసారి లైట్లు వెలిగి ఆరిపోతుంటే చచ్చిందనుకున్నాం. అదే వోల్టేజీ, అదే ఆంపియర్ల వేరే అడాప్టర్ పెడితే మళ్లీ మామూలుగా నడిచింది.

మీ ఇంట్లో పైకి వైరు లాగడానికి గోడలో పైపు ఉందా? ఉంటే మెష్ (వైర్ లేకుండా ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే రౌటర్ల సెట్) కొనక్కర్లేదు, పైన ఒక మామూలు రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే కింది నుంచి వచ్చిన వైరుతో వైఫై మాత్రం ఇచ్చేలా పెడితే సరిపోతుంది. లేదంటే స్లాబ్ మందం, గదుల వరస రాయండి, చూసి చెబుతాను.