అమ్ములూ, డీఆర్ సైటు కట్టే ముందు

చి. అమ్ములుకు, మామయ్య ఆశీస్సులు.

ఆదివారం నువ్వు ఫోన్‌లో అడిగిన ప్రశ్న నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "మామయ్యా, హెచ్‌ఏ, డీఆర్ రెండూ నన్నే డిజైన్ చెయ్యమన్నారు. యాక్టివ్-యాక్టివ్ పెట్టనా, యాక్టివ్-పాసివ్ పెట్టనా?" అన్నావు. హెచ్‌ఏ అంటే ఒక మిషన్ పడిపోయినా పని ఆగకుండా చూడటం, డీఆర్ అంటే సైటు మొత్తం పోతే వేరే చోటి నుంచి నడపడం. రెండు చోట్లా ఒకేసారి పని చేస్తే యాక్టివ్-యాక్టివ్, ఒకటి పని చేస్తూ రెండోది సిద్ధంగా ఉంటే యాక్టివ్-పాసివ్. ఆ నాలుగు నిమిషాల్లో నేను చెప్పింది నాకే సరిపోలేదు. ఇరవై ఆరేళ్లు అప్లికేషన్లను నడిపే యాప్ సర్వర్లు వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్‌ల మధ్యే బతికాను. ఎన్ని రాత్రులు అందరూ ఫోన్‌లో కలిసే బ్రిడ్జ్ కాల్ మీదే తెల్లవారాయో మీ అత్తకు తెలుసు. ఆ రాత్రులు నీకు రాకూడదని రాస్తున్నాను.

బొమ్మ గీయడం తర్వాత. ముందు ఆ అప్లికేషన్ వాడేవాళ్ల దగ్గరికి వెళ్లు. ప్రీమియం కట్టే స్క్రీన్, క్లెయిమ్ స్క్రీన్, నెలాఖరు రిపోర్టు, వీటిలో ఒక్కోదానికీ విడిగా రెండు ప్రశ్నలు వెయ్యి. ఎంతసేపు ఆగిపోతే ఓర్చుకోగలరు? అది ఆర్‌టీఓ. ఎన్ని నిమిషాల డేటా పోతే మళ్లీ ఎక్కించుకోగలరు? అది ఆర్‌పీఓ. మొదట అందరూ "ఒక్క నిమిషం ఆగకూడదు, ఒక్క రికార్డూ పోకూడదు" అనే అంటారు. అప్పుడు లెక్క చూపించు. 99.9 శాతం అంటే ఏడాదికి ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు ఆగినట్టు. 99.99 అంటే 52 నిమిషాలు. వచ్చే ట్రాఫిక్‌ను పంచే లోడ్ బ్యాలెన్సర్, వెబ్ సర్వర్, యాప్ సర్వర్, డేటాబేస్ నాలుగూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి, ఒక్కోటీ 99.9 ఇస్తే మొత్తం మీద వచ్చేది 99.6. అంటే ఏడాదికి 35 గంటలు. దాని పక్కన ఖర్చు కూడా రాసి పెడితే నెలాఖరు రిపోర్టు ఒక రోజు ఆగినా ఫర్వాలేదని వాళ్లే చెప్తారు.

ఇక ఒకే సైటులో క్లస్టర్ సంగతి, అంటే కలిసి ఒకే పని చేసే సర్వర్ల గుంపు. రెండు నోడ్లు (సర్వర్లు) పెట్టి, రెండూ 70 శాతం లోడ్‌తో నడుస్తుంటే అది హెచ్‌ఏ కాదు. ఒకటి పడిపోతే రెండోదాని నెత్తిన 140 పడుతుంది, అదీ వెనకాలే పడిపోతుంది. నాలుగు నోడ్లు 60 శాతంలో ఉంటే, ఒకటి పోయినా మిగతా మూడూ 80 దగ్గర నిలబడతాయి. నేనైతే రెండు పెద్ద మిషన్ల కంటే నాలుగు చిన్నవే తీసుకుంటాను.

సెషన్ల గురించి, అంటే లాగిన్ అయిన మనిషి గురించి సర్వర్ గుర్తుంచుకునే వివరాల గురించి, డెవలపర్లతో ఈ వారమే కూర్చో. వెబ్‌లాజిక్ ఒక సర్వర్‌లోని సెషన్ కాపీని ఇంకో సర్వర్‌లో ఉంచుతుంది, నిజమే. కానీ సెషన్‌లో పెట్టే ప్రతి ఆబ్జెక్టూ సీరియలైజబుల్ (నెట్‌వర్క్ మీద పంపగలిగే రూపంలోకి మారేది) కావాలి, విలువ మారిన ప్రతిసారీ దాన్ని సెషన్‌లో రాసే సెట్ అట్రిబ్యూట్ మళ్లీ పిలవాలి. లేకపోతే రెండో సర్వర్‌లో ఉండేది పాత కాపీయే. దీన్ని అడ్మిన్ కన్సోల్‌లో ఏ సెట్టింగూ సరిచెయ్యలేదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం బాగా గుర్తుపెట్టుకో, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మనం టెస్ట్ అంటూ ప్రాసెస్‌ను కిల్ చేస్తాం. రెండు సెకన్లలో ట్రాఫిక్ పక్క నోడ్‌కి వెళ్తుంది, అందరం చప్పట్లు కొడతాం. ప్రాసెస్ చచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంది కాబట్టి, అవతలివాళ్లకు "కనెక్షన్ మూసేశాను" అని కబురు పంపుతుంది. నిజంగా మిషన్‌కి పవర్ పోయినప్పుడు ఆ కబురు పంపేవాళ్లెవరూ ఉండరు.

ఒకసారి డ్రిల్‌లో నేను మాదాపూర్‌లోని మా డేటా సెంటర్ కుర్రాడితో ర్యాక్ వెనక్కి వెళ్లి డేటాబేస్ సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ లాగెయ్యమన్నాను. స్టాండ్‌బై డేటాబేస్ అనుకున్నట్టే పైకి లేచింది. యాప్ సర్వర్లు మాత్రం కదల్లేదు. సర్వర్‌లో ఏ పని ఎక్కడ ఆగిందో చూపే థ్రెడ్ డంప్ తీశాం. పై నుంచి కిందిదాకా ప్రతి థ్రెడ్డూ ఒకే వరుసలో, సాకెట్ రీడ్ దగ్గర ఆగి ఉంది. లేని డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తోంది. లాగులో ఒక్క ఎర్రర్ లేదు. వెబ్‌లాజిక్ మామూలుగా ఒక థ్రెడ్ 600 సెకన్లు కదలకుండా ఉంటేగానీ స్టక్ అని రాయదు. లినక్స్ అయితే అవతలి మనిషి ఉన్నాడా లేడా అని కీప్అలైవ్ పంపడానికే డిఫాల్ట్‌గా 7,200 సెకన్లు ఆగుతుంది, అంటే రెండు గంటలు. అందుకని ప్రతి డేటాసోర్సుకీ (డేటాబేస్‌కి కనెక్షన్లిచ్చే సెట్టింగు) కనెక్ట్ టైమౌట్, రీడ్ టైమౌట్ రెండూ ఉండాలి. ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల పూల్ నుంచి కనెక్షన్ తీసేటప్పుడు టెస్ట్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉండాలి. బయటి సర్వీసుల కాల్స్‌కీ ఇదే రూలు. కేబుల్ లాగి చూడని క్లస్టర్‌ని సంతకం పెట్టి తీసుకోకు.

నోడ్ బతికుందో లేదో లోడ్ బ్యాలెన్సర్ చూసుకునే హెల్త్ చెక్ పేజీలో పెద్ద క్వెరీ పెట్టొద్దు. డేటాబేస్ పది సెకన్లు మందగిస్తే లోడ్ బ్యాలెన్సర్ అన్ని నోడ్లనీ ఒకేసారి బయటికి తోసేస్తుంది.

ఇప్పుడు డీఆర్. దూరం ఎంతుండాలి అన్నావు. ఫైబర్‌లో వెలుగు వంద కిలోమీటర్లు వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి ఆకాశమార్గానే ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది, కేబుల్ దారి ఇంకా పొడుగు. అంటే అవతలి కాపీలో కూడా పడేదాకా ఆగే సింక్రనస్ పద్ధతిలో ప్రతి కమిట్‌కీ (డేటాబేస్‌లో మార్పు ఖాయం చేయడానికి) తక్కువలో తక్కువ ఆరు మిల్లీసెకన్లు. ఒక్క స్క్రీన్ 40 కమిట్లు చేస్తే పావు సెకను అక్కడే పోయింది. అందుకే ఒక్క రికార్డూ పోకూడదనుకునే సింక్రనస్ కాపీ ఊళ్లోనో, ఊరి పక్కనో ఉన్న సైటుకి. దూరపు సైటుకి ఆగకుండా వెనకాల పంపే అసింక్రనస్, కొన్ని సెకన్ల డేటా పోవచ్చని ముందే ఒప్పించి. క్లౌడ్‌లోనూ ఇదే లెక్క. అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు ఉన్నాయి. రెండూ వాడుకోవచ్చు, మధ్యలోని దూరం మాత్రం అదే.

నీ ప్రశ్నకు నా జవాబు ఇదీ: ఒకే సైటులో యాప్ సర్వర్లన్నీ యాక్టివ్, రాసే డేటాబేస్ ఒక్కటే, దూరపు సైటు పాసివ్ కానీ సర్వర్లు లేపి సిద్ధంగా ఉంచినది. రెండు ఊళ్లలో ఒకేసారి రాసే యాక్టివ్-యాక్టివ్ జోలికి ఇప్పుడే పోకు. మధ్యలో లింకు తెగితే ఎవరికి వాళ్లు అవతలివాడు చచ్చాడనుకుని రెండు వైపులా రాయడం మొదలుపెడతారు. ఆ రెండు పద్దుల్నీ తర్వాత కలపడం మనుషులకు సాధ్యమయ్యే పని కాదు. చూసి తీర్పు చెప్పే మూడో సైటు లేకుండా, దానంతటదే అవతలి సైటుకి మారే ఆటోమేటిక్ ఫెయిలోవర్ పెట్టొద్దు.

హైదరాబాద్‌కి సముద్రం లేదు, భూకంపాల భయం తక్కువ, ఇంకేం భయం అంటారు. మనకు ఎప్పుడూ నీళ్లే గండం. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారి సలహా మీద గండిపేట, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఒకటి మూసీ మీద, ఇంకోటి ఈసీ మీద. అక్కడ రెండు పాయల్నీ విడివిడిగా పట్టుకున్నారు. మనం మాత్రం రెండు కంపెనీల దగ్గర రెండు ఫైబర్ లింకులు తీసుకుని, రెండూ ఒకే రోడ్డు కింద ఒకే గొయ్యిలో పోతున్నాయని చూసుకోం. ఒక్క జేసీబీ చాలు.

2020 అక్టోబరు వానల్లో నేను పని చేస్తున్న చోట జరిగింది చెప్తాను. సర్వర్ రూమ్ అయిదో అంతస్తులో, ఒక్క చుక్క తడి లేదు. జనరేటర్లు గట్టు మీద, అవీ బాగానే ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే పంపు మాత్రం సెల్లార్‌లో. రాత్రి పదకొండుకి సెల్లార్ నిండిపోయింది. జనరేటర్ ట్యాంకులో ఉన్న డీజిల్‌తో తెల్లవారేదాకా నడిచింది, ఆ తర్వాత డబ్బాలతో మెట్ల మీద మోయించాం. ఆ పంపు ఎక్కడుందో అన్నేళ్లలో మాలో ఒక్కరం కూడా దిగి చూడలేదు.

బయటి దేశంలో ఇంకా ఘోరం జరిగింది. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లకు రెండూ పోయాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, జేఎంఎస్ మెసేజ్‌లు (అప్లికేషన్ల మధ్య క్యూలో వెళ్లే కబుర్లు), ట్రాన్సాక్షన్ లాగులు (లావాదేవీలు ఎక్కడిదాకా వచ్చాయో రాసుకునే పద్దు). వీటిని ఫైళ్లలో పెట్టి స్టోరేజీ ద్వారా కాపీ చేయిస్తూ, డేటాబేస్‌ను ఒరాకిల్ వాళ్ల కాపీ పద్ధతి డేటాగార్డ్ ద్వారా పంపిస్తే, అవతల దిగే రెండు కాపీలూ ఒకే క్షణానివి కావు. డేటాబేస్‌లో ప్రీమియం కట్టినట్టే ఉంటుంది, రసీదు పంపాల్సిన మెసేజ్ మాత్రం క్యూలో ఉండదు. లేదా మెసేజ్ రెండోసారి వెళ్లి ఒకే మనిషికి రెండు రసీదులు పోతాయి. రెండింటినీ డేటాబేస్ టేబుళ్లలోనే పెట్టు. వేగం కొంచెం తగ్గుతుంది, తగ్గనీ. డేటాబేస్ ఎక్కడికి వెళ్తే అవీ అదే క్షణంతో వెంట వెళ్తాయి. డేటాసోర్సుల్లో ఐపీ అడ్రసులు రాయొద్దు, పేర్లే రాయి. రెండు సైట్లలోనూ అవే పేర్లు వాడితే, డీఆర్‌కి మారిన రోజు కాన్ఫిగరేషన్ ముట్టుకోవాల్సిన పనుండదు.

కాపీ ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు. ఎవరో పొరపాటున టేబుల్ డ్రాప్ చేస్తే ఆ పొరపాటు కూడా క్షణంలో డీఆర్‌కి వెళ్తుంది. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్‌ కంపెనీలో ఒక ఇంజనీర్ తప్పు సర్వర్ మీద డేటా డైరెక్టరీ చెరిపేశాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయనుకున్నారు, ఏదీ అనుకున్నట్టు పని చెయ్యలేదు. అంతకు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది, ఆ ఆరు గంటల డేటా పోయింది. నెలకోసారి బ్యాకప్‌ను వేరే మిషన్ మీద రిస్టోర్ చేయించి, లాగిన్ అయి, నాలుగు రికార్డులు నీ కళ్లతో చూడు.

సరే, సైటు కట్టావు. దానికి మారమని ఎవరు చెప్తారు? 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ, అదే ఎన్‌ఎస్‌ఈలో 11 గంటల 40 నిమిషాలకు ట్రేడింగ్ ఆగిపోయి, 3 గంటల 45 నిమిషాలకు మళ్లీ మొదలైంది. వాళ్లకు డీఆర్ ఉంది, ఆ రోజు దానికి మారలేదు. తర్వాతి నెలలోనే సెబీ రూలు తెచ్చింది: కీలకమైన సిస్టమ్ ఆగితే 30 నిమిషాల్లో డిజాస్టర్ అని ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో పని మొదలవ్వాలి. మీది ఎక్స్ఛేంజీ కాకపోయినా ఆ పద్ధతి తీసుకో. "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అంటూ మూడు గంటలు గడిచిన కాల్స్‌లో నేను కూర్చున్నాను. అందరూ తెలివైనవాళ్లే, ఆ మాట అనే అధికారం ఎవరిదో తెలియక ఆగారు. ఆ నిర్ణయం ఏ హోదావాళ్లది, వాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఎవరిది, ఎన్ని నిమిషాలకు, ఇవి ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకో. ఆ కాగితం డీఆర్‌కి మారే స్టెప్స్‌తో కలిపి ప్రింటు తీసి ఇంట్లో కూడా పెట్టుకో. సర్వర్లు పడిపోయిన రోజు ఆఫీసు ఫైళ్లుండే షేర్‌పాయింట్ కూడా తెరుచుకోకపోవచ్చు.

డ్రిల్ అంటే ఆదివారం రాత్రి డీఆర్ లేపి, లాగిన్ పేజీ వచ్చిందని ఫొటో తీసి మెయిల్ పెట్టడం కాదు. ఒక పని వారమంతా అసలు కస్టమర్లతో అక్కడి నుంచే నడపాలి. అప్పుడుగానీ బయటపడవు: డీఆర్‌లో గడువు తీరిన సర్టిఫికెట్, మన ప్రధాన సైటు ఐపీలను మాత్రమే అనుమతించిన పేమెంట్ గేట్‌వే, ప్యాచ్ వెయ్యడం మరిచిపోయిన ఒక నోడ్, రాత్రి బ్యాచ్ రాసే ఫోల్డర్ అసలు లేకపోవడం. ఇవి నాలుగూ నేను చూసినవే, రెండు ఒకే డ్రిల్‌లో. వెళ్లడం కంటే వెనక్కి రావడం కష్టం, దానికీ విడిగా స్టెప్స్ రాసుకో. మొదటి డ్రిల్ ఫెయిలైతే టెన్షన్ పడకు, మేనేజర్ దగ్గర దాచకు. ఏం విరిగిందో వరుసగా రాసి చూపించు, బడ్జెట్ వచ్చేది ఆ కాగితంతోనే.

వచ్చే ఆదివారం డిజైన్ పట్టుకుని కూకట్‌పల్లి రా, అత్త నీకు గోంగూర చేస్తానంది. దానికి ముందు ఒక్క పని చెయ్యి. రేపు ఆఫీసుకు వెళ్లగానే సెక్యూరిటీవాళ్లను అడిగి సెల్లార్‌లోకి దిగు, డీజిల్ పంపు ఎక్కడుందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య