నాలుగున్నర లక్షల ‘విండ్ పోర్టు’ డిప్లొమా: బంగారుపాళ్యం అన్నకు జవాబు

ఉత్తరం ఇది: “మాది బంగారుపాళ్యం సార్. రెండు లారీలున్నాయి, సీజన్లో మామిడికాయలు పల్ప్ ఫ్యాక్టరీలకు తోలతాం, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది. మా వాడు తిరుపతిలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు వచ్చి, సముద్రంలో గాలిమరలు పెడతారు, వాటికోసం పోర్టులు కడతారు, ఆ పోర్టు మేనేజ్‌మెంటులో ఏడాది డిప్లొమా చేస్తే డెన్మార్క్‌లో ఉద్యోగం గ్యారంటీ అన్నారంట. ఫీజు నాలుగున్నర లక్షలు. ఒక లారీ అమ్మితే వస్తుంది. మా ఇంట్లో సముద్రం చూసినోళ్లే తక్కువ. కట్టమంటారా? ఇంకో మాట, మా తమ్ముని కొడుకు ఐటీఐ వెల్డర్ చేసి ఖాళీగా ఉన్నాడు, వాడికి ఇందులో ఏమైనా ఉందా?”

అన్నా, లారీ అమ్మకండి. ముందు ఈ మాట చెప్పేశాను, మిగతాది నిదానంగా చదవండి. ఆ రంగం నిజంగానే ఉంది, పని కూడా పెద్దదే. వాళ్లు ఇచ్చిన గ్యారంటీ మాత్రం నేను నమ్మను. పైగా మీ వాడికి ఆ పనిలోకి పోయే దారి ఇప్పటికే చేతిలో ఉంది, దాని పేరు సివిల్ ఇంజినీరింగ్.

మీరు లారీ మనిషి కాబట్టి ఈ పోర్టు సంగతి మీకు తొందరగా అర్థమవుతుంది. హైవే మీద గాలిమర రెక్కను మోసుకుపోయే పొడుగు ట్రైలర్లు మీకు ఎదురుపడే ఉంటాయి, మలుపు వచ్చిందంటే ముందొకడు వెనకొకడు అరుచుకుంటూ మన బండ్లన్నీ ఆపేస్తారు. అవి నేల మీద పెట్టే గాలిమరలవి. సముద్రంలో పెట్టేవాటి రెక్క ఒక్కోటీ ఇప్పుడు వంద మీటర్లు దాటింది. సీమెన్స్ గమేసా వాళ్ల 14 మెగావాట్ల మోడల్‌కి 108 మీటర్లు, వెస్టాస్ వాళ్ల 15 మెగావాట్ల దానికి 115 మీటర్ల పైన. దాన్ని మొగిలి ఘాట్‌లో తిప్పగల డ్రైవరు ఇంకా పుట్టలేదు. అందుకని రోడ్డు జోలికే పోకుండా ఫ్యాక్టరీని తెచ్చి పోర్టులో, నీళ్ల పక్కనే కట్టేస్తారు. ఇంగ్లండ్‌లో హల్ అనే పాత చేపల రేవులో 2016లో రెక్కల ఫ్యాక్టరీ మొదలైంది, జర్మనీలో కుక్స్‌హావెన్‌లో జనరేటరు డబ్బాలు, అంటే నాసెల్స్, తయారవుతాయి. రెండూ ఓడ ఆగే గట్టు పక్కనే.

ఇక బరువు. మీ పది చక్రాల లారీ లోడుతో కలిపి 28 టన్నుల చిల్లర కదా. స్తంభం నెత్తిన కూర్చునే ఆ నాసెల్ ఒక్కటే 500 టన్నుల దాకా ఉంటుంది. అంటే పదిహేడు, పద్దెనిమిది నిండు లారీల బరువు ఒక ఇల్లంత జాగాలో. దాన్ని ఎత్తే క్రేను బరువు వేరే. సముద్రం అడుగున దిగగొట్టే ఇనుప గొట్టాలున్నాయే, మోనోపైల్ అంటారు, అవి ఒక్కోటీ వెయ్యి టన్నులు దాటి రెండు వేల టన్నుల దాకా పోతున్నాయి. మామూలు కంటైనర్ల గట్టు చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు టన్నులు మోస్తే చాలు. ఈ సరుకుకి పది, ఇరవై టన్నులు, బరువైన చోట్ల ఇంకా ఎక్కువ కావాలి. గట్టు వెనక రెక్కలు, స్తంభాలు పరుచుకోవడానికి యాభై ఎకరాలున్నా ఇరుకే. స్తంభాలను గట్టు మీదే నిలబెట్టి, నిలువుగానే ఓడెక్కిస్తారు కాబట్టి పోర్టు నుంచి సముద్రంలోకి పోయే దారిలో వంతెన గానీ కరెంటు లైను గానీ అడ్డం ఉండకూడదు. రైల్వే అండర్ బ్రిడ్జి ముందు ఇనుప గేజి పెట్టి ఎత్తు లోడును ఆపేస్తారు చూడండి, అట్లాంటి గేజి ఒక్కటున్నా ఆ పోర్టు ఈ పనికి రాదు.

ఇంకోటి, సరుకు తీసుకుపోయే ఓడకు కాళ్లుంటాయి. నిజంగానే. నాలుగో ఆరో పొడుగు కాళ్లు సముద్రం అడుగుకు దించి, ఓడంతా నీళ్లపైకి లేచి, కదలకుండా నిలబడి గాలిమరను బిగిస్తుంది. దాని రోజు అద్దె కోట్లలో ఉంటుంది. ఇక్కడ గట్టు మీద ఒక బోల్టు తక్కువైందని ఆ ఓడ ఒక పూట ఆగితే ఎంత నష్టమో, లోడింగ్ పాయింటులో లారీ ఆపేస్తే హాల్టింగ్ లెక్క కట్టే మీకు నేను చెప్పాలా. కొన్ని పోర్టుల్లో లోడు ఎక్కించుకునేటప్పుడు కూడా అది గట్టు పక్కనే కాళ్లు దించుతుంది. అప్పుడు అడుగున మట్టి ఏం రకం, ఎంత లోతున గట్టి పొర తగులుతుంది, కాలు దిగిన గుంత వల్ల గట్టు పునాది కదులుతుందా, ఇవన్నీ ఎవరో ఒకరు ముందే లెక్క కట్టి ఉండాలి.

ఆ లెక్క కట్టేది సివిల్ వాడే అన్నా. మన తూర్పు తీరంలో చాలా పోర్టుల కింద మెత్తటి బంకమట్టి. దాన్ని గట్టిపరచడం, పైల్స్ అనే పునాది స్తంభాలు దించడం, నేల లోపలికి డయాఫ్రం గోడ కట్టడం, డ్రెడ్జింగ్, అంటే అడుగు మట్టి తవ్వి లోతు నిలబెట్టడం, ఇవే ఈ పోర్టుకి అసలు ఖర్చు, అసలు పని. మీ వాడు సెమిస్టర్లో సాయిల్ మెకానిక్స్, ఫౌండేషన్ ఇంజినీరింగ్ పేపర్లు గట్టెక్కితే చాలనుకుని చదివి ఉంటాడు, నాకు తెలుసు, అందరూ అంతే. ఆ రెండు పుస్తకాలూ మళ్లీ మొదటి పేజీ నుంచి తియ్యమనండి. ఆ డిప్లొమా సిలబస్ కాగితం మీరు పంపారు కదా, చూశాను. లీడర్‌షిప్ ఉంది, సస్టెయినబిలిటీ ఉంది, మట్టి గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు మన దేశం సంగతి, ఇక్కడ కొంచెం చేదుగా మాట్లాడాలి. డెన్మార్క్ వాళ్లు 1991లోనే విండెబీ దగ్గర సముద్రంలో 11 గాలిమరలు పెట్టారు, అన్నీ కలిపి 5 మెగావాట్లు. ఈరోజు ఒక్క గాలిమరే దానికి మూడింతలు. మనకు పాలసీ వచ్చింది 2015లో. గుజరాత్ తీరంలో ఖంభాత్ సింధుశాఖ, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ, ఈ రెండు చోట్ల గాలి బాగుందని తేల్చారు. 2024 జూన్‌లో కేంద్ర కేబినెట్ 7,453 కోట్ల పథకం ఒప్పుకుంది. గుజరాత్‌లో 500, తమిళనాడులో 500 మెగావాట్లకు సాయం, అందులో 600 కోట్లు ఈ పనికి తగ్గట్టు రెండు పోర్టులను బాగుచేయడానికే. టెండర్లు పిలిచారు, గడువులు పొడిగించారు. నేను ఇది రాసే నాటికి మన సముద్రంలో కరెంటు తీసే గాలిమర ఒక్కటీ లేదు. అందుకే ‘వచ్చే ఏడాదికల్లా మన దగ్గర వేల ఉద్యోగాలు’ అని ఎవరన్నా చెబితే టీ తాగి లేచి వచ్చేయండి.

అయినా ఈ రంగాన్ని నేను కొట్టిపారేయను. ఎందుకంటే గాలిమర కంటే ముందు పోర్టు రావాలి, గాలిమర ఆలస్యమైనా పోర్టు పని నేర్చినవాడు ఖాళీగా కూర్చోడు. మన రాష్ట్రంలోనే రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టుల పనులు చేపట్టారు, నెల్లూరు జిల్లా జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు. బెర్తు, అంటే ఓడ ఆగే గట్టు, కట్టే చోట రెండేళ్లు సైట్ ఇంజినీరుగా బురదలో తిరిగినవాడికి రేపు తూత్తుకుడిలో విండ్ బెర్తు పడినా, ఇంకెక్కడో బొగ్గు బెర్తు పడినా ఒకటే. అన్నట్టు 2022లో జిల్లాలు విడదీశాక సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అంటే మీ వాడు చదివే జిల్లాకి ఇప్పుడు సముద్రం ఉంది. శ్రీహరికోట మనదే, దుగరాజపట్నం మనదే. సముద్రం చూసినోళ్లే తక్కువ అన్నారు గానీ, మీ వాడి హాస్టల్ నుంచి అది మూడు గంటల బస్సు ప్రయాణం కూడా కాదు.

విదేశం పోవాలనుకుంటే ఇంకో విషయం తెలిసి ఉండాలి, దీన్ని కన్సల్టెన్సీలు చెప్పవు. పోర్టులు రెండు రకాలు. ఒకటి గాలిమరలు నిలబెట్టేదాకా సరుకు పోగేసే పోర్టు. డెన్మార్క్‌లో ఎస్బ్యెర్గ్ అట్లాంటిదే, 2002లో హార్న్స్ రెవ్ అనే చోటికి 80 గాలిమరలు అక్కడి నుంచే వెళ్లాయి. అక్కడ పని మామిడి సీజన్ లాంటిది. ఉన్నన్నాళ్లు రాత్రీ పగలూ బండ్లు, ప్రాజెక్టు అయిపోయిందంటే యార్డు బోసిపోతుంది, ఇంకో ప్రాజెక్టు పడేదాకా చూడాలి. రెండోది నిలబెట్టాక పాతికేళ్లు వాటిని చూసుకునే పోర్టు, చిన్నది, రోజూ పొద్దున టెక్నీషియన్లు పడవల్లో పోయి రిపేర్లు చేసి వస్తారు. ఇంగ్లండ్‌లో గ్రిమ్స్‌బీ ఒకప్పుడు చేపలకు పెట్టింది పేరు, ఇప్పుడు హార్న్‌సీ గాలిమరల నిర్వహణ అక్కడి నుంచే జరుగుతుంది. ఇది పాల డెయిరీ లాంటిది, రోజూ పాలు పొయ్యాల్సిందే, రోజూ డబ్బు వస్తుంది. కానీ ఆ రోజువారీ ఉద్యోగాలు ఎక్కువ భాగం స్థానిక టెక్నీషియన్లకే, భాష వచ్చినవాళ్లకే. మనవాళ్లకు తలుపు కాస్త తెరుచుకునేది డిజైన్ వైపు, ప్లానింగ్ వైపు. దానికి డిప్లొమా చాలదు, మంచి ఎంటెక్కో ఎంఎస్సో కావాలి.

కాబట్టి మీ వాడు చేయాల్సింది గేట్, ఎంటెక్ సీటుకు పెట్టే పరీక్ష. మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, పోయేది ఫీజు మాత్రమే. సివిల్ పేపరుతో ర్యాంకు తెచ్చుకుంటే చెన్నై ఐఐటీలో ఓషన్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, పోర్టులు, తీరం మీద పరిశోధన చేసే కేంద్రం కూడా వాళ్లదే. ఖరగ్‌పూర్‌లోనూ ఓషన్ ఇంజినీరింగ్ ఉంది, కాలికట్ ఎన్ఐటీలో ఆఫ్‌షోర్ స్ట్రక్చర్స్ చేయొచ్చు. గేట్‌తో ఎంటెక్ సీటు వస్తే నెలకు 12,400 రూపాయలు మీ వాడికే ఇస్తారు. ఒకరు నాలుగున్నర లక్షలు తీసుకుంటామంటున్నారు, ఇంకొకరు నెలనెలా ఇస్తామంటున్నారు, ఇద్దరిలో ఎవరి చదువుకు బయట విలువుందో మీరే చూసుకోండి. ర్యాంకు రాకపోతే ప్రపంచం మునిగిపోదు, పైలింగ్ కంపెనీలోనో డ్రెడ్జింగ్ కంపెనీలోనో ట్రైనీగా చేరమనండి, మొదట్లో జీతం చూసి మీరు టెన్షన్ పడకండి. ఎండాకాలం సెలవుల్లో చెన్నై పల్లికరణైలో ఉన్న జాతీయ పవన శక్తి సంస్థ శిక్షణలు ఏమున్నాయో చూడమనండి, సముద్ర గాలిమరలకు మన దేశంలో నోడల్ సంస్థ అదే. యూరప్ మీద మరీ మనసుంటే గాలి విద్యుత్తులో ఒక మాస్టర్స్ ఉంది, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ లాంటివి కలిసి నడిపేది, స్కాలర్‌షిప్పుకు పోటీ పడాలి. పోటీ గట్టిది, మార్కులు బాగుంటేనే దాని మీద టైం పెట్టాలి.

కన్సల్టెన్సీ వాళ్లు ఇంకోటి కూడా అమ్ముతారు, జీడబ్ల్యూఓ సర్టిఫికెట్, అంటే గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ భద్రతా శిక్షణ కాగితం. అది నకిలీ కాదు, గాలిమర ఎక్కేవాడికి నిజంగా అడుగుతారు. ప్రథమ చికిత్స, బరువులెత్తడం, మంటలు, ఎత్తులో పని, సముద్రంలో పడితే బతకడం, ఐదు భాగాలు. కానీ రెండేళ్లకే దాని గడువు తీరిపోతుంది, మళ్లీ చేయాలి. చేతికి ఉద్యోగం రాకముందే చేస్తే డబ్బు నీళ్లపాలు. చాలాసార్లు ఉద్యోగమిచ్చినవాళ్లే చేయిస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఎక్కడో ప్లేస్‌మెంటు ఆశతో ఇట్లాంటిదే ముందుగా చేసి, గడువు తీరిన కార్డు ఫైల్లో పెట్టుకుని తిరుగుతూ ఉండేవాడు, ఇప్పుడు బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు, బాగానే ఉన్నాడు లెండి.

ఇక మీ తమ్ముని కొడుకు. నిజం చెప్పాలంటే వాడే ముందు సంపాదించొచ్చు. ఆ మోనోపైల్స్, వాటి బదులు లోతు నీళ్లలో వేసే, జాకెట్లు అని పిలిచే ఇనుప గొట్టాల చట్రాలు, అంతా మందపాటి ప్లేట్ల వెల్డింగ్. చెన్నైకి ఉత్తరాన కాటుపల్లిలో సముద్రపు నిర్మాణాలు తయారు చేసే పెద్ద యార్డు ఉంది, ఆయిల్, గ్యాస్ ప్లాట్‌ఫారాల పని అక్కడ జరుగుతుంది. గాలిమర వచ్చినా రాకపోయినా ఆ వెల్డింగే. ఐటీఐ కాగితం ఒక్కటే చూపిస్తే హెల్పరుగా తీసుకుంటారు. వాడు 6జీ టెస్టు పాసవ్వాలి, అంటే ఏటవాలుగా బిగించిన పైపును కదిలించకుండా చుట్టూ వెల్డింగ్ చేసి చూపడం. అది చేతికి వచ్చాక రెండు మూడేళ్లు పనిచేసి, వెల్డింగును పరీక్షించే ఎన్‌డీటీ లెవెల్ 2 చేస్తే ఎండలో నిలబడే పని తగ్గి జీతం పెరుగుతుంది. ఖాళీగా ఉన్నాడు అన్నారు కాబట్టి వచ్చే వారమే మొదలుపెట్టమనండి.

కన్సల్టెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే మూడే అడగండి. ఆ డిప్లొమాను ఏ యూనివర్సిటీ ఇస్తుంది, గుర్తింపు ఎవరిది? పోయినసారి చేరినవాళ్లలో పోర్టులో పనిచేస్తున్న ఒక్కరి నంబరు ఇస్తారా? గ్యారంటీ అన్న మాట స్టాంపు పేపరు మీద రాసి, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు అని సంతకం పెడతారా? మూడోదానికి జవాబు దొరకదు.

మీ లారీకి కృష్ణపట్నం లోడు ఎప్పుడైనా తగిలితే మాత్రం, ఆ రోజు మీ వాడిని కాలేజీ మానిపించి మరీ క్యాబిన్లో ఎక్కించుకుని పోండి. పోర్టు లోపలికి పాసు అడుగుతారు, ఆధార్ కార్డు పెట్టుకోమనండి. పాసు దొరక్కపోతే గేటు బయట నుంచే క్రేన్లు చూపించండి.