టూరింగ్ స్కూటర్: ఖర్చంతా ఎడమ మూత కిందే
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ 300 నుంచి 400 సీసీ దాకా ఉండే టూరింగ్ స్కూటర్ల గురించే. యమహా ఎక్స్‌మ్యాక్స్ 300, హోండా ఫోర్జా 350, సుజుకి బర్గ్‌మన్ 400, బీఎండబ్ల్యూ సి 400 జీటీ ఈ కోవలోవి. కింద ఇచ్చిన అంకెలు ఈ తరగతి బళ్లకు మామూలుగా సరిపోయేవి. నట్టు బిగింపు, వాల్వ్ సందు, టైరు గాలి మాత్రం మీ బండితో వచ్చిన పుస్తకం ప్రకారమే చూసుకోండి.

ప్రశ్న: పెట్రోలు సంగతి సరే. అన్నీ కలిపి కిలోమీటరుకు నిజంగా ఎంత పడుతుందో తేల్చేదెలా?

నెలవారీ లెక్క వేస్తే ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద ఖర్చులు నెలనెలా రావు. 24,000 కిలోమీటర్లను ఒక విడతగా పట్టుకోండి. బెల్టు (ఎడమ మూత కింద ఉండి ఇంజన్ శక్తిని వెనక్కి చేర్చేది), రోలర్లు (బెల్టు ముందు పుల్లీలోని గుండ్రని బరువులు), స్పార్క్ ప్లగ్గు, వాల్వ్ సందు తనిఖీ దాదాపు అన్నీ ఈ దూరంలోపు ఒక్కసారైనా వస్తాయి.

లీటరుకు 28 వస్తే ఈ దూరానికి సుమారు 857 లీటర్ల పెట్రోలు. ఇంజన్ ఆయిల్ 6,000కి ఒకసారి మారిస్తే నాలుగుసార్లు, మొత్తం ఆరేడు లీటర్లు. పదీ పన్నెండు వేల గడువు ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి, వాటికి రెండుసార్లు చాలు. వెనక గేర్ ఆయిల్ రెండుసార్లు, ప్రతిసారీ కాలు లీటరు లోపే. వెనక టైర్లు రెండు, కొందరికి మూడు. ముందు టైరు ఒకటిన్నర వేసుకోండి. బెల్టు ఒకటి, రోలర్ల సెట్టు ఒకటి, ప్లగ్గు ఒకటి లేదా రెండు, ఎయిర్ ఫిల్టర్ రెండు, బ్రేకు ప్యాడ్లు ముందుకీ వెనక్కీ చెరో రెండు జతలు. వీటికి మీ దగ్గరి ధరలు వేసి, కూలి కలిపి, 24,000తో భాగించండి. సామాను ధర అందరూ రాస్తారు, మరిచిపోయేది కూలి. ఈ బళ్లకు ప్లాస్టిక్ ప్యానెళ్లు ఎక్కువ. ప్లగ్గు విప్పడం ఐదు నిమిషాల పనే, దాని దగ్గరికి చేరడానికే అరగంట పడుతుంది.

కిలోమీటర్లతో సంబంధం లేకుండా కాలంతో వచ్చే ఖర్చులు వేరే కాగితం మీద రాయండి: బీమా, రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్, సాధారణంగా మూడేళ్లకోసారి కూలెంట్, మూడు నుంచి ఐదేళ్లకు బ్యాటరీ. బండి ఏడాదికి 3,000 తిరిగినా 15,000 తిరిగినా ఇవి అంతే. తక్కువ తిప్పేవాళ్లకు కిలోమీటరు ఖరీదు ఎక్కువ పడేది ఇక్కడే. అమ్మేటప్పుడు తగ్గే విలువ కూడా ఈ కాగితం మీదే రాయాలి. మొదటి మూడేళ్లలో చాలామందికి పెట్రోలు కంటే అదే పెద్ద ఖర్చు.

ప్రశ్న: మీటరు లీటరుకు 31 కి.మీ. చూపిస్తోంది, పంపు దగ్గర లెక్కేస్తే 28 దాటడం లేదు. ఏది నమ్మాలి?

పంపు లెక్కే నమ్మండి. కాకపోతే ఒక్క ట్యాంకుతో తేల్చకండి. సెంటర్ స్టాండు వేసి, ప్రతిసారీ ఒకే మట్టం దాకా నింపి, వరసగా నాలుగు ట్యాంకుల లీటర్లు కూడండి. తిరిగిన మొత్తం దూరాన్ని దానితో భాగించండి. నింపడంలో అర లీటరు తేడా వస్తే ఒక్క ట్యాంకు మీద లెక్క ఐదు శాతం తప్పుతుంది, నాలుగింటి మీద అది కరిగిపోతుంది.

వేగం సంగతీ చూసుకోండి. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి నిరోధం 2.25 రెట్లు అవుతుంది, దాన్ని తోయడానికి కావలసిన శక్తి దాదాపు 3.4 రెట్లు. నిలకడగా 80 మీద లీటరుకు 30 ఇచ్చే బండి 120 మీద 22–24కు పడిపోవడం మామూలే, లోపమేమీ కాదు. ముందు గాలిని ఆపే ఎత్తు అద్దం (విండ్‌స్క్రీన్), వెనక పెట్టె ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. 13 లీటర్ల ట్యాంకును చూసి 390 కి.మీ. ప్లాన్ వేయకండి. హైవే మీద 250 దాటగానే పంపు వెతుక్కోవడం మంచిది.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి గడగడా వణుకుతోంది. 20 దాటగానే మామూలైపోతుంది. పొద్దున్నే ఉండదు, ట్రాఫిక్‌లో తిరిగాకే వస్తుంది. బెల్టు మార్చమంటున్నారు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది బెల్టు కాదు, క్లచ్చు. చల్లగా ఉన్నప్పుడు లేకపోవడం, 10 నుంచి 20 మధ్యే రావడం రెండూ అటే చూపిస్తున్నాయి. ఈ బళ్లలో క్లచ్ షూలు ఇంజన్ వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుని వాటి చుట్టూ ఉండే బెల్ అనే గిన్నె లోపలి గోడను పట్టుకుంటాయి. ట్రాఫిక్‌లో సగం పట్టీ సగం వదిలేసి పాకిస్తూ పోతే షూల ముఖం కాలి అద్దంలా నున్నగా అయిపోతుంది. అప్పుడు ఒకసారి పట్టి ఒకసారి జారుతుంది. ఆ వణుకు అదే.

ఎడమ మూత, క్లచ్ నట్టు విప్పి బెల్ బయటికి తీయించండి. దుమ్మును గాలితో ఊదనివ్వకండి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేకు క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవాలి. బెల్ లోపలి గోడనూ షూల ముఖాన్నీ 120–180 నంబరు ఎమిరీ కాగితంతో మెరుపు పోయేదాకా అడ్డంగా రుద్దాలి. షూ ముందు అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు ఏటవాలుగా ఆకురాయితో అరగదీస్తే పట్టు మెత్తగా మొదలవుతుంది. బెల్ మీద నీలం మచ్చలు ఉన్నా, వేలికి గాడి తగిలినా రుద్ది లాభం లేదు, మార్చాల్సిందే. షూల మీద తడి జిడ్డు కనిపిస్తే ఆగండి. వెనక పుల్లీ లోపలి గ్రీజు కారుతోందా, గేర్‌బాక్సు సీలు పోయిందా చూడకుండా కొత్త షూలు వేస్తే అవీ వారంలో పాడవుతాయి.

నడిపే తీరు మారకపోతే వణుకు తిరిగొస్తుంది. ఎత్తు మీద బండిని రేసుతో నిలబెట్టకండి, బ్రేకు పట్టుకోండి. కదలాల్సి వచ్చినప్పుడు తడబడకుండా కదిలించండి.

ఇదే జెర్కు 40–60 మధ్య, నిలకడగా పోతున్నప్పుడు వస్తే మాత్రం క్లచ్చు జోలికి పోకండి. ముందువైపు వేరియేటర్‌లో (వేగాన్ని బట్టి గేరు మార్చే ముందు పుల్లీలో) రోలర్లు ఒక పక్క అరిగి చదును పడ్డాయేమో చూడాలి. రోలర్లను సెట్టుగానే, అదే బరువువే వేయించండి. పికప్ కోసం తేలికవి వేస్తే ఇంజన్ ఎప్పుడూ ఎక్కువ తిరుగుతుంది, ఆ మేరకు పెట్రోలూ తాగుతుంది.

ప్రశ్న: బెల్టు మార్చే గడువు వచ్చింది. చూస్తే పగుళ్లేమీ లేవు. ఇంకో ఐదువేలు నడపొచ్చా?

వద్దు. పగుళ్లు కనిపించే బెల్టు ఎప్పుడో మార్చాల్సింది. అరిగేది వెడల్పు, అది కంటికి తెలియదు. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలవండి. కొత్త వెడల్పు కంటే 1 నుంచి 1.5 మి.మీ. తగ్గితే మామూలుగా పరిమితి వచ్చినట్టే, కచ్చితమైన అంకె సర్వీసు పుస్తకంలో ఉంటుంది. సన్నబడిన బెల్టు వెనక పుల్లీలో లోతుగా కూర్చుంటుంది కాబట్టి కదిలేటప్పుడు పికప్ తగ్గుతుంది. ముందు పుల్లీలో పూర్తి ఎత్తుకు ఎక్కలేదు కాబట్టి 100 మీద ఇంజన్ మునుపటికంటే ఎక్కువ తిరుగుతుంది. నెమ్మదిగా వచ్చే మార్పు కాబట్టి నడిపేవాళ్లకు అలవాటైపోతుంది.

కంపెనీలు ఇచ్చే గడువు 20,000–24,000. ఎక్స్‌మ్యాక్స్ 300లో 20,000కి మీటరు మీద గుర్తు వెలుగుతుంది. ఇద్దరితో, సామానుతో, ఎండలో హైవే తొక్కేవాళ్లు కొంత ముందే మార్చుకోవాలి. గడువు మీరితే జరిగేది పికప్ తగ్గడం ఒక్కటే కాదు. తెగిన బెల్టు ముక్కలు మూత లోపల చుట్టుకుంటే వేరియేటర్ పళ్లెం రెక్కలూ, ఒక్కోసారి సీలూ పోతాయి. అప్పుడు అయ్యే ఖర్చు చూశాక కొత్త బెల్టు దండగ అనిపించదు.

మార్చేటప్పుడు దగ్గరుండి చూడాల్సినది ఒకటుంది. కొత్త బెల్టు వేశాక వెనక పుల్లీ రెండు పళ్లేలను చేత్తో విడదీసి, బెల్టును వాటి మధ్య అడుగుదాకా నొక్కాలి. అప్పుడే ముందువైపు బెల్టు వదులై ఇరుసు చుట్టూ కిందికి జారుతుంది. అలా చేయకపోతే ముందు పళ్లెం బెల్టును నొక్కుతూ ఆగిపోతుంది, నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది. కొన్ని కిలోమీటర్లు తిరిగాక బెల్టు సర్దుకుని నట్టు వదులవుతుంది, పళ్లెం పళ్లనూ ఇరుసు పళ్లనూ అరగదీస్తుంది. ఇరుసు పళ్లు పోతే మార్చాల్సింది క్రాంకు. నట్టు బిగించేముందు ముందువైపు పుల్లీ బయటి పళ్లేన్ని చేత్తో తిప్పి చూడమనండి. బెల్టు నలగకుండా, పళ్లెం ఇరుసు మీద పూర్తిగా లోపలికి కూర్చోవాలి. ఆఖరి బిగింపు, ఎంత బిగిసిందో కొలిచే టార్కు రెంచితోనే. నట్లు బిగించే గన్నుతో టకటకా బిగించి వదిలేస్తామంటే ఒప్పుకోకండి. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కుకే ఉండాలి. పళ్లేలను ఆరిన గుడ్డతో, క్లీనర్‌తో తుడవాలి. గ్రీజు వేళ్లతో బెల్టు పట్టుకోకూడదు.

మూత తెరిచారు కదా, బెల్టు గదికి గాలి వెళ్లే చిన్న ఫిల్టర్‌ను కూడా దులిపించండి. అది మూసుకుపోతే లోపల వేడి పెరిగి బెల్టు ఆయుష్షు తగ్గుతుంది. సర్వీసు బిల్లుల్లో చాలావరకు కనిపించని పని ఇది.

ప్రశ్న: ఇంజన్ ఆయిల్ డబ్బా మీద ఎంఏ, ఎంబీ అని ఉంటుంది. ఏది పోయాలి?

ఎంఏ అనేది ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్చున్న బైకుల కోసం. మీ స్కూటర్ క్లచ్చు ఆయిల్ తగలని పొడి గదిలో ఉంటుంది, కాబట్టి రాపిడి తక్కువ ఉండే ఎంబీ పోసినా జారదు. పుస్తకం ఎంఏ అంటే ఎంఏనే పోయండి. అంతకంటే ముఖ్యం మట్టం. ఒకటిన్నర లీటర్ల ఇంజన్‌లో 300 మిల్లీలీటర్లు తగ్గితే అయిదో వంతు పోయినట్టే. టూరుకు ముందు సమతలం మీద నిలబెట్టి చూసుకోండి.

ప్రశ్న: వెనక పెట్టె పెట్టించాక 70 దగ్గర హ్యాండిల్ వదిలితే ఊగుతోంది. పెట్టె తీసేయాలా?

ముందు ఖాళీ పెట్టెతో చూడండి, తర్వాత పెట్టె తీసి చూడండి. పెట్టె తీస్తే ఊగు పూర్తిగా పోతే బరువు ఎక్కువైంది, లేదా మరీ వెనక్కి వేలాడుతోంది. చాలా క్యారియర్ల పరిమితి అయిదు కిలోల చుట్టూనే ఉంటుంది, దాని మీదే రాసి ఉంటుంది. నీళ్ల సీసాలు, పనిముట్లు, తాళం గొలుసు సీటు కింద పెట్టండి. పెట్టెలోకి బట్టలే.

పెట్టె తీసినా ఊగితే ముందు టైరు చూడాలి. మధ్యలో చదునుగా, లేదా దిమ్మె దిమ్మెకూ ఎత్తుపల్లాలుగా అరిగి ఉంటుంది. అదీ బాగుంటే సెంటర్ స్టాండు మీద ముందు చక్రం గాలిలోకి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా ఇటూ అటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగితే హ్యాండిల్ బేరింగు పోయింది. బిగిస్తే సరిపోతుందంటే నమ్మకండి, గుంట పడ్డ బేరింగు బిగిస్తే ఇంకా పట్టేస్తుంది.

వెనక టైరు మార్చేటప్పుడు చాలా మోడళ్లలో సైలెన్సరూ, చక్రాన్ని కుడి పక్క పట్టుకునే చేయీ (స్వింగ్‌ఆర్మ్) విప్పాలి. కూలి అక్కడే పడుతుంది. ప్యాడ్లు సగం మిగిలినా అప్పుడే మార్చేస్తే ఆ కూలి రెండోసారి ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: రెండు వారాలు కదపకపోతే స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ ఏడాది కిందే మార్చాం.

రాత్రంతా ఆపిన బండి మీద మల్టీమీటర్ పెట్టండి. 12.7 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కింద ఉంటే ఛార్జి పెట్టాలి. స్టార్టర్ నొక్కినప్పుడు 10 కిందికి పడితే బ్యాటరీ బలహీనం. ఇంజన్ కాస్త రేసులో 13.8 నుంచి 14.5 రావాలి. ఇవన్నీ బాగుంటే బండి ఆపినా కరెంటు లాగేవి వెతకండి: స్మార్ట్ కీ, అలారం, ఇంకా ఎక్కువసార్లు తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన ఫోను ఛార్జరు. తాళం తీస్తేనే కరెంటు వచ్చేలా దాన్ని రిలే ద్వారా కలిపించండి.

ప్రశ్న: ఘాట్ దిగుతుంటే బ్రేకు లీవరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేసింది. ప్యాడ్లు కొత్తవే.

ఆగి చల్లారాక లీవరు మామూలైతే ఆయిల్ మరిగిందని అర్థం. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ మరిగే వేడి పడిపోతుంది. బుడగలు నలుగుతాయి, ఆయిల్ నలగదు, అందుకే లీవరు లోపలికి పోతుంది. మొత్తం ఆయిల్ మార్చి గాలి తీయించండి. పుస్తకంలో చెప్పిన గ్రేడే, ఎక్కువగా డాట్ 4, సీలు తీయని డబ్బాలోది పోయించండి.

దిగేటప్పుడు వేగం బాగా తగ్గిపోతే క్లచ్చు వదిలేసి ఇంజన్ పట్టు ఉండదు, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. మరీ నెమ్మది కాకుండా, క్లచ్చు పట్టే వేగంలో దిగండి. వదిలేసినట్టు అనిపిస్తే ఒక్క క్షణం రేసిచ్చి మళ్లీ పట్టించి, రేసు తగ్గించండి. బ్రేకును ఏకధాటిగా తడుముతూ ఉండకుండా, గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలేస్తే డిస్కు చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్న: 30,000 తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి చూశాం. ఏం పరీక్షించాలి?

ముందు బెల్టు మార్చిన బిల్లు అడగండి. లేకపోతే బెల్టు, రోలర్లు, క్లచ్ షూల ఖరీదు కూలితో సహా ధరలో తగ్గించమనండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయండి, ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు రమ్మన్నా ఫర్వాలేదనండి. చల్లని స్టార్టుకు మొరాయిస్తే వాల్వ్ సందు బిగిసి ఉండొచ్చు. కూలెంట్ రంగు తుప్పులా ఉందేమో, ముందు ఫోర్కు గొట్టాల మీద నూనె చార ఉందేమో చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు తయారీ తేదీ: 2322 అంటే 2022లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరును కొత్త టైరు ఖర్చుగానే లెక్కేయండి. రెండు స్మార్ట్ కీలూ పని చేయాలి. ఒక్కటే ఇస్తే, అది పోయిన రోజు రెండో తాళం రాయించడానికి ఎంతవుతుందో సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాకే బేరానికి కూర్చోండి.